ఇద్దరు ఆల్బ్రెఖ్ట్‌లు, ఒక గైడు పుస్తకం

ఉదయం మావయ్య గారు ఫోన్‌లో చదివి వినిపించిన ఒక వాక్యం ఇంత రాత్రయినా నన్ను వదలడం లేదు. వారి ఎదురింటి అబ్బాయి పోటీ పరీక్షలకు చదువుతున్న ప్రపంచ చరిత్ర గైడులో, మత సంస్కరణోద్యమం అధ్యాయంలో, పాపపరిహార పత్రాలను అమ్మించిన ఆర్చ్‌బిషప్ బ్రాండెన్‌బుర్గ్ ఆల్బ్రెఖ్ట్ తరువాతి కాలంలో, ఆ అమ్మకాన్ని ఎదిరించిన లూథర్ మార్గంలోకి వచ్చి ప్రష్యాకు తొలి డ్యూక్ అయ్యాడని ఉందట. తప్పు చేసినవాడు చివరికి దారికి వచ్చాడన్న ఈ కథ వినడానికి ఎంతో ముచ్చటగా ఉంది కాని, పత్రాలు అమ్మించినాయన వేరు, డ్యూక్ అయినాయన వేరు. ఇద్దరిదీ ఒకే పేరు, ఒకే వంశం, పుట్టిన సంవత్సరమూ ఒకటే.

మావయ్య గారి సంగతి మీకు తెలిసిందే. అనుమానం వస్తే అన్నం సహించని మనిషి. ఆ అబ్బాయిని కూర్చోబెట్టి, ఇది ఇద్దరి చరిత్ర బాబూ అని చెప్పబోతే, పుస్తకంలో ఉన్నది రాస్తేనే మార్కులు పడతాయి తాతగారూ, అన్నాడట. నాకు ఒళ్ళు మండింది ఆ జవాబుకే. ఆ అబ్బాయి మీద కాదు, వాడి లెక్క వాడికి సరిగ్గానే ఉంది. ఒక మనిషి ఒకే ఏడు మైన్జ్‌లో పోపు తరువాతి స్థాయి మతాధికారి అయిన కార్డినల్‌గానూ ప్రష్యాలోని క్యోనిగ్స్‌బెర్గ్‌లో లూథర్ అనుచరుడైన పాలకుడిగానూ ఎలా ఉండగలిగాడన్న ప్రశ్న, ఆ పుస్తకం రాసినవారికి గాని, అచ్చుకు ముందు చూసినవారికి గాని, ఏటా కొత్త ముఖచిత్రంతో మళ్ళీ వేస్తున్నవారికి గాని రాకపోవడం ఎలా సాధ్యమో నాకు అర్థం కాదు. ధర మాత్రం ప్రతి ముద్రణకూ సవరిస్తారట.

అసలు సంగతి చెబుతాను. హోహెన్‌జోలర్న్ వంశంలో ఆల్బ్రెఖ్ట్ అకిలీస్ అనే ఎలెక్టర్ ఉండేవాడు, అంటే చక్రవర్తిని ఎన్నుకునే హక్కున్న పాలకుడు. ఆయన 1486లో పోయాడు. నాలుగేళ్ళకు, 1490 మే 17న, ఆయన కొడుకు ఫ్రీడ్రిఖ్‌కు ఆన్స్‌బాఖ్‌లో ఒక మగపిల్లవాడు పుట్టాడు. నెలన్నర తిరక్కముందే, జూన్ 28న, అకిలీస్ మొదటి భార్య కొడుకైన యోహాన్ సిసిరోకు మరొక మగపిల్లవాడు కలిగాడు. తాత పేరు పెట్టకుండా ఎవరుంటారు? మన వరసల్లో చెప్పుకుంటే వీరిద్దరూ అన్నదమ్ములే. తాత పేరూ ఇంటిపేరూ కలిసిపోయి, బడి రిజిస్టరులో ఒకే పేరుతో ఇద్దరు నిలబడడం మన ఊళ్ళల్లో చూడనిది కాదు.

తాత వీరికి పేరొక్కటే ఇచ్చి పోలేదు. బ్రాండెన్‌బుర్గ్ రాజ్యాన్ని ముక్కలు చేయకుండా పెద్ద కొడుక్కి ఇవ్వాలనీ, ఫ్రాంకోనియాలోని భూములు తరువాతి ఇద్దరికి చెందాలనీ 1473లో ఆయన ఒక శాసనం చేశాడు. అంతకు మించి పుట్టిన మగపిల్లలకు బ్రతుకుతెరువు చర్చిలోనే. అందుకే యోహాన్ సిసిరో కొడుకుల్లో అన్న యోఆఖిమ్ బ్రాండెన్‌బుర్గ్‌కు ఎలెక్టర్ కాగా, తమ్ముడు ఆల్బ్రెఖ్ట్ పాతికేళ్ళు నిండకముందే 1513లో మాగ్డెబుర్గ్‌కు, 1514లో మైన్జ్‌కు ఆర్చ్‌బిషప్ అయి, ఆ మధ్యలోనే హాల్బర్‌స్టాట్ పీఠం పాలన కూడా చేతిలో పెట్టుకున్నాడు. ఆన్స్‌బాఖ్ ఆల్బ్రెఖ్ట్‌ను కూడా చర్చి కోసమే పెంచారు. అతడు 1511లో, అప్పట్లో ప్రష్యాను ఏలుతున్న సన్యాస యోధుల సంఘమైన ట్యుటానిక్ నైట్స్‌కు గ్రాండ్ మాస్టర్, అంటే అధిపతి, అయ్యాడు.

పొద్దున ఇదంతా మావయ్య గారికి విడమరిచి చెబుతున్నంత సేపూ నా కోపం గైడు మీది నుంచి ఆ వంశాల మీదికి మళ్ళింది. ఇన్ని కోటలు కట్టుకున్నవారికి, ఇన్ని యుద్ధాలు చేసినవారికి, పిల్లలకు పెట్టుకోవడానికి నాలుగు పేర్లు దొరకలేదా? ఇది చాలదన్నట్టు తూరింగియాలో గ్రైట్స్, గేరా పట్టణాలను ఏలిన రాయిస్ వంశం ఒకటుంది. చక్రవర్తి ఆరవ హైన్రిఖ్ మీద గౌరవంతో అంటారు, ఆ ఇంట పుట్టిన ప్రతి మగపిల్లవాడికీ హైన్రిఖ్ అనే పేరు పెట్టారు. పట్టం కట్టుకున్నవారికే కాదు, ప్రతి పిల్లవాడికీ ఒక అంకె వేశారు. పెద్ద శాఖవారు నూరు దాకా లెక్కపెట్టి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టారు; చిన్న శాఖవారు శతాబ్దం మారినప్పుడల్లా మొదటికి వచ్చారు. ఫలితంగా చిన్న శాఖలో అరవై ఏడో హైన్రిఖ్ కొడుకు పద్నాలుగో హైన్రిఖ్, ఆయన కొడుకు ఇరవై ఏడో హైన్రిఖ్, ఆయన కొడుకు నలభై ఐదో హైన్రిఖ్. ఇది విని మావయ్య గారు, నోటుపుస్తకంలో ఈ వరుస రాయడానికి మనసొప్పడం లేదమ్మా, రేపు నేనే నమ్మను, అన్నారు.

ఆయన ఇక్కడికి, జర్మనీకి, వచ్చినప్పుడు మేము మైన్జ్ ప్రధాన చర్చికి వెళ్ళిన రోజు ఆ మాటతో మనసులోకి వచ్చి కూర్చుంది. ఈయనకు ఆఫీసు పని తగిలి, మేమిద్దరమే వెళ్ళాము. ఎర్రటి ఇసుకరాతి చర్చి అది, లోపల మసక వెలుతురు. వరుస స్తంభాలకు ఆనించి ఒకరి తరువాత ఒకరుగా ఆర్చ్‌బిషప్‌ల శిలావిగ్రహాలు, తలల మీద కిరీటాల్లాంటి టోపీలు, చేతుల్లో దండాలు. మావయ్య గారు ప్రతి స్తంభం దగ్గరా ఆగి, పేరు చెప్పమని, రాసుకుని, అప్పుడు గాని కదలరు. ఒకచోట మాత్రం రాయడం ఆపి చాలాసేపు చూస్తూ నిలబడ్డారు. అక్కడ బిషప్ నిలువెత్తుగా ఉన్నాడు; ఆయనకు చెరొక వైపునా చిన్నపిల్లలంత మనుషులిద్దరు, వారి తలల మీద ఆయన కిరీటాలు పెడుతున్నాడు. ఈ పిల్లలెవరమ్మా అని అడిగారు. పిల్లలు కారు, రాజులే. 1249లో మరణించిన మూడవ జీగ్‌ఫ్రీడ్ వాన్ ఎప్‌స్టైన్ సమాధి ఫలకం అది. చక్రవర్తి రెండవ ఫ్రీడ్రిఖ్‌కు వ్యతిరేకంగా ఎన్నికైన హైన్రిఖ్ రాస్పె, హాలండ్ విల్హెల్మ్ అనే ఇద్దరు రాజులను ఆయన పక్కన అంత చిన్నగా చెక్కి, ఎవరు ఎవరిని నిలబెట్టారో చూసేవారికి తెలిసేలా చేశారు. మావయ్య గారికి ఆ రాజుల కన్న ఆ 'మూడవ' అన్న మాట పట్టుకుంది. రెండవ ఆయన ఎవరని అడిగితే, అదే ఇంటిపేరు గల రెండవ జీగ్‌ఫ్రీడ్, ఈయనకు ముందు అదే పీఠం మీద కూర్చున్న స్వయానా పినతండ్రి వరస ఆయన అని చెప్పాను.

బిడ్డలుండకూడని పదవికి వారసత్వం ఎలా వచ్చిందని ఆయన వెంటనే అడగడం, నేను అన్నదమ్ముల కొడుకుల ద్వారా అని చెప్పడం, అక్కడి నుంచి షోన్‌బోర్న్ కుటుంబం మీదికి వెళ్ళడం ఇప్పటికీ గుర్తే. మైన్జ్, వ్యూర్ట్స్‌బుర్గ్ పీఠాలను ఏలి 1673లో పోయిన యోహాన్ ఫిలిప్ వాన్ షోన్‌బోర్న్‌కు తమ్ముడి మనవడు యోహాన్ ఫిలిప్ ఫ్రాంజ్. అతడూ వ్యూర్ట్స్‌బుర్గ్ బిషప్పే, అక్కడి సుప్రసిద్ధ భవనానికి 1720లో పునాది వేసినవాడు అతడే. నడుమ మైన్జ్‌లో ఈ ఇంటివాడే లోథార్ ఫ్రాంజ్, తరువాత వ్యూర్ట్స్‌బుర్గ్‌లో ఫ్రీడ్రిఖ్ కార్ల్. పేరు కూడా ఆస్తితో పాటే అందించారన్నమాట. బయటికి వచ్చి, సంతలో మెట్ల మీద కూర్చుని కాఫీ తాగుతూ ఆయన పేజీలు లెక్కపెట్టుకున్నారు. ఆ పూట ఎంత హాయిగా గడిచిందో రాయాలని ఉంది కాని, హాయి గురించి రాయడానికి ఇంతకు మించి ఏమీ తోచడం లేదు.

రాత్రి భోజనాలయ్యాక, ఇద్దరు ఆల్బ్రెఖ్ట్‌ల బొమ్మలు పక్కపక్కన పెట్టి మావయ్య గారికి పంపుదామని వెతుకుతుంటే, ఆల్బ్రెఖ్ట్ డ్యూరర్ 1519లో రాగిరేకు మీద చెక్కిన కార్డినల్ చిత్రం దొరికింది. (చిత్రకారుడి పేరు కూడా అదే కావడం ఎవరి తప్పూ కాదు.) బుగ్గలు నిండిన, పెదవులు బిగించిన ముఖం, వెనుక తెర, పక్కన వంశచిహ్నం. దాన్ని పెద్దది చేసి చూస్తే, పైన లాటిన్‌లో కుదించిన అక్షరాలతో ఒక పలక ఉంది. మొదటి మాట ఆల్బెర్టుస్. ఆ పేరు అక్కడితో సరి. మిగిలిందంతా ఆయన పదవులే: రోములోని సంత్ క్రిసోగోనుస్ చర్చికి కార్డినల్, మైన్జ్, మాగ్డెబుర్గ్‌లకు ఆర్చ్‌బిషప్, ఎలెక్టర్, హాల్బర్‌స్టాట్ పాలకుడు, అన్నింటికీ చివర బ్రాండెన్‌బుర్గ్ మార్‌గ్రావ్ అన్న వంశ బిరుదు. ఇంత చదివాక, ఆ వంశాలకు పేర్లు కరవన్న నా ఉదయపు తీర్పు నిలబడేలా లేదు. తమ కాలంలో వీరిని ఎవరూ వట్టి పేరుతో పిలవలేదు. మైన్జ్ అన్నా, గ్రాండ్ మాస్టర్ అన్నా ఎవరి గురించో వినేవారికి తెలిసేది. పదవులన్నీ ఒలిచేసి, ఆ చిట్టచివరి బ్రాండెన్‌బుర్గ్ ఒక్కదాన్ని మిగిల్చింది మన పుస్తకాలే. పైగా బ్రాండెన్‌బుర్గ్‌కు వీరిద్దరిలో ఎవరూ ఎలెక్టర్ కాలేదు. అది యోఆఖిమ్ రాజ్యం. ఆ ఇంట పుట్టిన మగవారందరికీ ఆ బిరుదు జన్మతః వచ్చేది, అంతే.

ఆ పదవుల జాబితా మరొక విధంగా కూడా ఉపయోగపడుతుంది. కార్డినల్ గారు పత్రాలు అమ్మించింది అప్పు తీర్చడానికి; ఆ అప్పు ఎందుకైందో అందులోనే ఉంది. పదేళ్ళ కాలంలో మైన్జ్‌లో ముగ్గురు ఆర్చ్‌బిషప్‌లు వరుసగా పోవడంతో, కొత్తవారు వచ్చినప్పుడల్లా రోముకు చెల్లించే రుసుము పీఠానికి మోయరాని బరువైంది. ఈసారి ఆ సొమ్ము తానే కడతానని ఆల్బ్రెఖ్ట్ మాట ఇచ్చి ఎన్నికయ్యాడు. ఒకటికి మించిన పీఠాలు ఉంచుకోవడానికి పోపు అనుమతి కోసం మరికొంత కట్టాలి. ఔగ్స్‌బుర్గ్‌లోని ఫుగ్గర్లనే వడ్డీ వ్యాపారుల దగ్గర అప్పు తెచ్చాడు. అది తీర్చడానికి పాపపరిహార పత్రాల అమ్మకం, వచ్చినదాంట్లో సగం రోములో సెయింట్ పీటర్స్ నిర్మాణానికి, సగం ఫుగ్గర్లకు. టెట్సెల్ అనే మతబోధకుడు ఊరూరా తిరిగి అమ్మాడు. 1517 అక్టోబర్ 31న లూథర్ తన వాదాలను లేఖతో జతచేసి పంపింది ఈ ఆల్బ్రెఖ్ట్‌కే.

రెండవ ఆల్బ్రెఖ్ట్, అంటే ఆన్స్‌బాఖ్‌లో పుట్టిన గ్రాండ్ మాస్టర్, 1523లో విట్టెన్‌బెర్గ్‌లో లూథర్‌ను కలిశాడు. నైట్స్ సంఘం నియమాలను వదిలి, పెళ్ళి చేసుకుని, ప్రష్యాను వంశపారంపర్య రాజ్యంగా మార్చుకోమని లూథర్ సలహా ఇచ్చాడు. 1525 ఏప్రిల్ 10న క్రాకో నగరంలో, తన మేనమామ అయిన పోలండ్ రాజు సిగిస్మండ్ ఎదుట మోకరిల్లి అతడు డ్యూక్ అయ్యాడు. మరుసటి ఏడు డెన్మార్క్ రాకుమారి డొరొతేయాను పెళ్ళాడాడు. 1544లో క్యోనిగ్స్‌బెర్గ్ విశ్వవిద్యాలయాన్ని స్థాపించాడు.

ఇంతవరకు రాసి పడుకుందామనుకుంటే ఇంకొక సంగతి గుర్తుకు వచ్చి నవ్వు వచ్చింది. 1525 వేసవిలోనే లూథర్ మైన్జ్ కార్డినల్‌కు ఉత్తరం రాసి, మీరు కూడా పెళ్ళి చేసుకుని మీ పీఠాన్ని లౌకిక రాజ్యంగా మార్చుకోండి, ప్రష్యాలో జరిగినది చూడండి అని ప్రోత్సహించాడు. కార్డినల్ ఆ పని చేయలేదు. తన భూముల్లో లూథర్ మార్గం వ్యాపిస్తుంటే చివరికి 1541లో, తన అప్పులు ప్రజాప్రతినిధులు తలకెత్తుకున్నందుకు ఆ మతాన్ని సహించడానికి ఒప్పుకుని, ఎంతో ఇష్టంగా అలంకరించుకున్న హాలె నగరాన్ని విడిచి వెళ్ళిపోయాడు. అంటే, లూథర్ ఉత్తరం రాసి కూడా సాధించలేని పనిని గైడు రచయిత ఒక్క వాక్యంలో సాధించారు. ఉదయం నుంచి పెంచుకున్న కోపం ఈ ఆలోచనతో సగానికి తగ్గింది. మిగిలిన సగం ధర గురించి, అది తగ్గదు.

మావయ్య గారికి వంశవృక్షం గీసి పంపాలి. అందులో మూడో ఆల్బ్రెఖ్ట్ కూడా ఉన్నాడు, డ్యూక్‌గారి అన్న కజిమీర్ కొడుకు, ఆల్సిబయడీస్ అన్న గ్రీకు మారుపేరుతో ప్రసిద్ధుడు. బాంబెర్గ్, వ్యూర్ట్స్‌బుర్గ్ బిషప్‌ల మీద, న్యూరెన్‌బెర్గ్ నగరం మీద 1552 నుంచి 1554 దాకా యుద్ధం చేసి, ఊళ్ళు తగలబెట్టి, ఓడిపోయి, సొంత కోటనే పోగొట్టుకుని 1557లో పోయాడు. గైడులో ఇతని ఊసు లేదని మావయ్య గారు వెతికి నిర్ధారించుకున్నారు. లేకపోవడమే మంచిది, ఉంటే ఆ ఊళ్ళు కూడా కార్డినల్ గారే తగలబెట్టి ఉండేవారు.