బస్తా, కిలో, పౌను: టైపుల మీద మా ఆఫీసులో నడిచిన తగవు

విజయనగరంలో గంటస్తంభానికి రెండు వీధుల అవతల, ఒక మేడ మీద రెండు గదుల్లో మేము అయిదుగురం పనిచేస్తున్నాము. మేము రాసే సాఫ్ట్‌వేరు పలాస, కాశీబుగ్గ ప్రాంతంలోని జీడి మిల్లుల సరుకు లెక్కలు చూస్తుంది. ఎన్ని బస్తాల పిక్కలు దిగుమతి అయ్యాయి, వాటిలో ఎన్ని బట్టీకి వెళ్లాయి, పప్పు ఎంత దిగింది, ఏ గ్రేడు ఎన్ని డబ్బాలకు వచ్చింది అన్నది దాని పని. మొదటి నుంచీ అంతా పైథాన్ అనే ప్రోగ్రామింగు భాషలోనే రాశాము. ఏ విలువ అంకె, ఏది అక్షరాలు అన్న రకాన్ని, అంటే టైపును, ఆ భాషలో ముందే రాయనక్కరలేదు. ఆ నిర్ణయం నాదే కాబట్టి దానిని ఎవరు తప్పుపట్టినా నాకు కొంచెం గుచ్చుకుంటుంది. ఈ సంగతి ముందే చెప్పేస్తే నేను తటస్థురాలినని చదివేవారు పొరబడకుండా ఉంటారు.

కిందటి సీజనులో ఒక రాత్రి ఎనిమిది గంటలకు పలాస నుంచి ఒక మిల్లు గుమాస్తా ఫోను చేశారు. "ఏటి బాబూ ఇది, మా గొడౌన్లో ఎనిమిది లక్షల కిలోల పిక్కలున్నాయని చూపిస్తంది. ఊరంతా గొడౌను చేసినా అంత సరుకు పట్టదు కదా!" అన్నారు. తెర మీద ఉన్న అంకె సరిగ్గా 8,08,080. ఆ సాయంత్రం ఉద్దానం నుంచి ఒక రైతు మూడు బస్తాలు తెచ్చారని, మా కొత్త తెరలో మొదట ఎక్కించిన సరుకు అదేనని ఆయన చెప్పగానే తప్పు ఎక్కడుందో నాకు సగం తెలిసిపోయింది.

పలాస వైపు జీడిపిక్కల బస్తా అంటే 80 కిలోలు. కాటా దగ్గరి కంప్యూటరు నుంచి మాకు వచ్చే ఫైలులో ప్రతి అంకె అక్షరాల రూపంలోనే, అంటే స్ట్రింగుగానే వస్తుంది. బస్తాల సంఖ్యను మేము పూర్ణాంకంగా మార్చుకున్నాము గానీ బరువును మార్చడం మరచిపోయాము. పైథాన్‌లో స్ట్రింగును పూర్ణాంకంతో గుణిస్తే తప్పు అని చెప్పదు, ఆ స్ట్రింగును అన్నిసార్లు పక్కపక్కన పేరుస్తుంది. 80 అనే రెండక్షరాలు మూడుసార్లు పేరిస్తే 808080 అయింది. ఆ తరువాతి వరుసలో దానిని పూర్ణాంకంగా మార్చే పిలుపు ఉంది కాబట్టి, అది చక్కని అంకెగా మారి డేటాబేసులోకి వెళ్లి కూర్చుంది. వచ్చినది రెండు వందల బస్తాల లారీ అయి ఉంటే నాలుగు వందల అంకెల సంఖ్య పుట్టి, డేటాబేసు ఒప్పుకోక అక్కడే ఆగిపోయేది. చిన్న రైతు సరుకు కావడం వల్లనే తప్పు చడీచప్పుడు లేకుండా లోపలికి నడిచి వచ్చింది.

మరునాడు ఉదయం తగవు మొదలైంది. మా బృందంలో పెద్దాయన ఒకరున్నారు. పదిహేనేళ్లు జావా అనే మరో ప్రోగ్రామింగు భాషలో పనిచేసి, సొంత ఊరికి దగ్గరగా ఉండాలని వచ్చి మాతో చేరారు. "చూడండమ్మా, జావాలో అయితే ఈ వరుస కంపైలే కాదు. స్ట్రింగును గుణించడమేమిటని అక్కడికక్కడే ఆపేస్తుంది" అన్నారు. ఆ మాట నిజమే, జావా కోడును నడిపే ముందు తర్జుమా చేసే కంపైలరు టైపులను కూడా చూస్తుంది. ఆమదాలవలస నుంచి రోజూ రైలులో వచ్చే కుర్రవాడు మాత్రం, "అయితే అక్కా, భాష మార్చనక్కరలేదు, టైపు హింట్లు పెడితే చాలు కదా" అన్నాడు. పైథాన్‌లో 2015లో వచ్చిన 3.5 వెర్షను నుంచి ఈ సదుపాయం ఉంది. పేరు పక్కన టైపు రాసిపెడితే మైపై వంటి పరీక్షకుడు ప్రోగ్రామును నడపకుండానే చదివి పొంతన కుదరని చోట్లను చూపిస్తుంది. రాయని చోట ఊరుకుంటుంది. కాబట్టి పాత కోడును ఒక్కసారిగా తిరగరాయకుండా కొద్దికొద్దిగా టైపుల్లోకి తెచ్చుకోవచ్చు.

వారం రోజుల వాదన తరువాత ఒక రాత్రి నేను తప్పున్న ఫంక్షనుకు, అంటే ఆ లెక్క చేసే కోడు ముక్కకు, టైపులు రాసి మైపై నడిపాను. అది ఏ అభ్యంతరమూ చెప్పలేదు. కారణం చూడండి: స్ట్రింగును పూర్ణాంకంతో గుణించడం పైథాన్‌లో న్యాయమైన పనే, ఫలితం స్ట్రింగు. స్ట్రింగును పూర్ణాంకంగా మార్చడమూ న్యాయమే, ఫలితం పూర్ణాంకం. ఫంక్షను పూర్ణాంకం ఇస్తుందని రాశాను, అది పూర్ణాంకమే ఇస్తున్నది. టైపుల లెక్కన అంతా సక్రమంగా ఉంది, గొడౌనులో మాత్రం ఎనిమిది లక్షల కిలోలున్నాయి. ఈ ఫలితం చూపించగానే మా తగవు రూపం మారిపోయింది. జావా ఆపేదన్నది నిజం గానీ అది ప్రోగ్రాము నడవక ముందే టైపులు చూసే పద్ధతి, అంటే స్టాటిక్ టైపింగు, ఒక్కదాని గొప్పతనం కాదు, స్ట్రింగుకు గుణకారాన్ని ఆ భాష ఇవ్వకపోవడం కూడా. ఏ పనికి అనుమతి ఉంది అన్నది ఒక ప్రశ్న, ఆ అనుమతిని ప్రోగ్రాము నడవక ముందు చూస్తారా నడిచేటప్పుడు చూస్తారా అన్నది మరో ప్రశ్న. పెద్దాయనా నేనూ ఆ రెంటినీ కలిపేసి వారం రోజులుగా గొంతులు చించుకున్నామన్నమాట.

ఇటువంటి తగవుల్లో పరిశోధన పత్రాలు బయటకు వస్తాయి, మాకూ వచ్చాయి. 2017లో వచ్చిన ఒక పత్రంలో, బహిరంగ ప్రాజెక్టుల్లో దిద్దుబాటు జరిగిన 400 జావాస్క్రిప్ట్ తప్పులను తీసుకుని, ఆ భాషకు టైపులు చేర్చే టైప్‌స్క్రిప్ట్ గానీ ఫ్లో గానీ వాడి ఉంటే వాటిలో ఎన్ని ముందే దొరికేవో చూశారు. రెంటికీ 15 శాతం తేలింది. పెద్దాయన ఆ 15ను చూపించారు, నేను మిగిలిన 85ను చూపించాను. నిజానికి ఆ లెక్కలో ఉన్నవి అప్పటికే అందరి కళ్లూ దాటి ప్రాజెక్టులోకి చేరిన తప్పులు మాత్రమే. రాస్తూ ఉండగానే ఎర్రగీత కనబడి దిద్దుకున్నవి అందులో లేవు కాబట్టి, ఆ అంకె నా వాదానికి అంత బలం ఇవ్వదని తరువాత ఒప్పుకున్నాను. కోడు పంచుకునే గిట్‌హబ్ సైటులోని ప్రాజెక్టులను భాషల వారీగా పోల్చిన 2014 నాటి పత్రాన్నీ ఎవరో తెచ్చారు. దానిని 2019లో మరొక బృందం తిరిగి లెక్కగట్టినప్పుడు చాలా ఫలితాలు నిలబడలేదు, నిలబడినవాటి ప్రభావం కూడా అతి స్వల్పమని తేలింది. ఆ పైన మేము పత్రాలు తిరగేయడం మానుకున్నాము.

చివరికి రాజీగా, సరుకు లెక్కల భాగం మొత్తానికి టైపులు రాయాలనీ, మైపై ఒప్పుకోనిదే కొత్త కోడు అసలు కోడులో కలవకూడదనీ, అంటే మెర్జ్ కాకూడదనీ నిర్ణయించాము. రెండు నెలలు పట్టింది. అంతా పచ్చటిక్కులు పడిన నెలకే ఆ గుమాస్తాగారి నుంచి రెండో ఫోను వచ్చింది.

దీనికి కొంచెం వ్యాపారం సంగతి చెప్పాలి. పలాస మిల్లులకు ఉద్దానం పిక్కలు మాత్రమే చాలవు, ఆఫ్రికా దేశాల నుంచీ వస్తాయి. ఆ సరుకు కాగితం మీద పప్పు దిగుబడి అని ఒక అంకె ఉంటుంది, ఉదాహరణకు 48. అది శాతం కాదు, కిలోలూ కాదు. 80 కిలోల బస్తాకు 48 పౌన్ల పప్పు దిగుతుందని దాని అర్థం. ఒకే అంకెలో పైన పౌను, కింద కిలో ఉండడం ఈ వ్యాపారానికి మామూలే, పప్పు గ్రేడు కూడా అంతే. 320 నంబరు గుండు పప్పు అంటే పౌనుకు 300 నుంచి 320 పప్పులు తూగేది. మా కోడులో దిగుబడి ఒక ఫ్లోట్ (దశాంశ సంఖ్య), బరువు ఒక ఫ్లోట్, ఒకదాని చోట మరొకటి వెళ్లినా మైపై కంటికి రెండూ ఒకటే. రెండు వందల బస్తాల సరుకుకు సుమారు 4,350 కిలోల పప్పు దిగుతుందని చెప్పవలసిన తెర 9,600 కిలోలు చూపించింది. "బస్తాకి నలభైఎనిమిది కిలోల పప్పు దిగితే మేమందరం ఈపాటికి విశాఖలో మేడలు కట్టేద్దుం బాబూ" అన్నారు గుమాస్తాగారు. ఆ వరుస రాసినది నేనే. టైపులతో సహా రాశాను.

అంగారకుడి వద్దకు అమెరికా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే వ్యోమనౌక 1999లో పోయినది కూడా ఈ జాతి తప్పు వల్లనే. ఒక ప్రోగ్రాము నౌక ఇంజన్ల తోపుడును పౌను-సెకన్ల లెక్కలో ఫైలులో రాసింది, దానిని చదివిన ప్రోగ్రాము న్యూటన్-సెకన్ల లెక్క అనుకుంది. ఆ సంగతి మా అందరికీ తెలుసు, చదువుకునే రోజుల్లో పరీక్షల్లో రాసినవాళ్లమే. అయినా మా ఫైలు దగ్గరకు వచ్చేసరికి ఒక్కరికీ గుర్తుకు రాలేదు.

ఇక్కడ మా అమ్మమ్మ ప్రస్తావన తేకుండా ఉండలేను. ధాన్యం కొలిచేటప్పుడు ఆమె నోట ఒంటరి అంకె ఏనాడూ వినలేదు. రెండు కుంచాలు, మూడు అడ్డలు, ఒక మానిక అనేది గానీ ఉత్త రెండు, ఉత్త మూడు అనేది కాదు. కుంచానికి రెండు అడ్డలని, అడ్డకు రెండు మానికలని తెలిసిన మనిషి కొలత పేరు లేని అంకెను నమ్మదు. మేము మాత్రం కంప్యూటరుకు ఇచ్చేటప్పుడు కొలత పేరును ఊడబెరికి అంకెను ఒక్కదానినే ఇచ్చి, ఫ్లోట్ అని రాసినందుకు టైపు ఇచ్చామని మురిసిపోయాము.

ఆ తరువాత పైథాన్ టైపింగ్ మాడ్యూలులో ఉన్న న్యూటైప్‌ను వాడి బస్తా, కిలో, పౌను అని మూడు వేరు టైపులు చేసుకున్నాము. ప్రోగ్రాము నడిచేటప్పుడు అవి మామూలు అంకెలే, భారం దాదాపు లేదు, పరీక్షకుడి కంటికి మాత్రం వేరువేరు. ఇందులో ఒక లోపం ఉంది. కిలోకు పౌనును కూడినా మైపై ఆపదు, ఫలితాన్ని మామూలు ఫ్లోట్‌గా చూస్తుంది. ఆ ఫ్లోట్‌ను తీసుకెళ్లి కిలోలు కావాలనే ఫంక్షను చేతికి ఇవ్వబోయినప్పుడు పట్టుకుంటుంది. ఎఫ్‌షార్ప్ వంటి భాషలో కొలతలు భాషలోనే ఉన్నాయి, అక్కడ కూడిక దగ్గరే దొరికిపోయేది. మాకు ఈ మాత్రం చాలింది. పౌన్లను కిలోలుగా మార్చే గుణకారం, అంటే 0.45359237 అనే అంకె, మొత్తం కోడులో ఒకే ఒక్క ఫంక్షనులో ఉండాలని కట్టడి చేసుకున్నాము. వెతికితే అంతకుముందు అది ఆరు చోట్ల కనబడింది, అందులో రెండు చోట్ల 0.45 అని కుదించి రాసి ఉంది.

మొదటి తప్పుకు మందు వేరే. బయటి నుంచి వచ్చే ప్రతి విలువనూ, కాటా ఫైలు కానివ్వండి, ఫోనులో మిల్లు వారు ఎక్కించిన ఫారం కానివ్వండి, లోపలికి రానిచ్చే ముందే పరీక్షించి అసలు టైపులోకి మార్చే ఒక ఫైలు పెట్టాము. దానికి కుర్రవాడు గుమ్మం అని పేరు పెట్టాడు. కాళ్లు కడుక్కోకుండా లోపలికి రాకూడదని వాడి భావం. గుమ్మం దాటిన తరువాత కోడులో ఎక్కడా స్ట్రింగు రూపంలో బరువు ఉండదు. బస్తా బరువు 60 కన్నా తక్కువైనా 100 కన్నా ఎక్కువైనా గుమ్మం దగ్గరే ప్రోగ్రాము ఆగి అడుగుతుంది. ఈ పని టైపులను నడిచేటప్పుడే చూసే పైథాన్ వంటి డైనమిక్ భాషలోనూ చేయవచ్చు, స్టాటిక్ భాషలోనూ చేయక తప్పదు, ఎందుకంటే కాటా దగ్గరి కుర్రవాడు 80 బదులు 800 నొక్కితే ఏ కంపైలరూ అడ్డుపడదు.

టైపుల కన్నా ఎక్కువ మార్పు వచ్చినది మా రివ్యూల్లో, అంటే ఒకరు రాసిన కోడును మరొకరు చూడడంలో. అంతకుముందు వారం పని అంతా ఒకే పుల్ రిక్వెస్టుగా (కోడును కలుపుకోమనే వినతిగా), వెయ్యి పదిహేను వందల వరుసలతో వచ్చేది. చూసేవారు పై రెండు ఫైళ్లు చూసి బాగుందని రాసేవారు. మొదటి తప్పున్న వరుసను బాగుందని ఒప్పుకున్న రివ్యూ నాదే. ఇప్పుడు రెండు వందల వరుసలు దాటితే ముక్కలు చేయమని తిప్పి పంపుతున్నాము. పెద్దాయన పట్టుదల వల్ల, సరుకు లెక్కలు మారే ప్రతి చోటా మిల్లు నుంచి వచ్చిన ఒక అసలు కాటా చీటీని టెస్టుగా పెట్టడం అలవాటైంది. గుమాస్తాగారు చేత్తో వేసిన లెక్కతో మా లెక్క సరిపోవాలి. పంక్తి మీద టైపు పరీక్షను నోరు మూయించే వ్యాఖ్య పెడితే పక్కన కారణం రాయాలన్నది నా నియమం. రాజీ కుదిరిన మొదటి నెలలో అటువంటివి 43 లెక్కపెట్టాను. సగం మన కుర్రవాడివి, ఆఖరి రైలు అందుకోవాలనే తొందరలో రాసినవి.

శనివారం మధ్యాహ్నం మిల్లు యజమాని ఫోను చేసి సోమవారానికి ఒక కొత్త పట్టిక కావాలంటే, అందుకోసం ఒక్కసారి వాడి పారేసేలా రాసే స్క్రిప్టులకు (చిన్న ప్రోగ్రాములకు) మేము ఇప్పటికీ టైపులు రాయడం లేదు. పెద్దాయనకు అది నచ్చదు. వాటిలో మూడు స్క్రిప్టులు ఏడాదిగా రోజూ నడుస్తున్నాయని ఆయన చూపించారు, దానికి నా దగ్గర జవాబు లేదు.

గ్రేడుల సంగతి మిగిలే ఉంది. గుండు, బద్ద, ముక్క అని స్థూలంగా విడదీసినా, ముక్కల్లో మళ్లీ ఒక్కో మిల్లు ఒక్కో పేరు వాడుతుంది. వాటిని ఇప్పటికీ స్ట్రింగులుగానే ఉంచాము. వాటినీ ఒక ఖాయమైన జాబితాగా మార్చేద్దామని కుర్రవాడు అంటున్నాడు, పేర్లు తెలియకుండా జాబితా ఎలా రాస్తావని నేను అంటున్నాను. వచ్చే మంగళవారం ఇద్దరం పలాస వెళ్లి, పప్పు ఏరే బల్లల దగ్గర కూర్చుని ఆ పేర్లు రాసుకుని రావాలని అనుకున్నాము.