చెబితే మేము తీసుకెళ్ళేవాళ్ళం కదా

పన్నెండు దాటింది, నిద్ర రావడం లేదు. కారణం సాయంత్రం అక్కయ్య చేసిన ఫోను. సెలవులు ఎలా గడుస్తున్నాయని ఆవిడ చిన్నవాణ్ణి అడిగారు. "నిన్న రాత్రి మేము కీచురాళ్ళ దగ్గరికి వెళ్ళాం పెద్దమ్మా" అన్నాడు వీడు ఎంతో గొప్పగా. అటువైపు కాసేపు మాట లేదు. తరువాత ఫోను నాకు ఇమ్మన్నారు. "ఏమ్మా, డబ్బుకు ఇబ్బందిగా ఉందా? ఒక్క మాట చెబితే పిల్లల్ని మేము తీసుకెళ్ళేవాళ్ళం కదా" అన్నారు. ఆప్యాయంగానే అన్నారు. అదే వచ్చిన చిక్కు. ఎత్తిపొడుపుగా అని ఉంటే నేనూ ఒక మాట అంటించి ఈపాటికి హాయిగా పడుకునేదాన్ని. ఆప్యాయతకు ఏమని బదులు చెప్పాలి? "అబ్బే, అదేం లేదక్కయ్యా" అని నసిగి పెట్టేశాను. అప్పటి నుంచి చెప్పవలసిన జవాబులన్నీ ఒక్కొక్కటిగా తోస్తున్నాయి.

ఇవి చేయి బిగించుకునే రోజులే, దాచేదేమీ లేదు. ఎందుకో మీకు వేరే చెప్పక్కరలేదు. కానీ కీచురాళ్ళ దగ్గరికి వెళ్ళింది గతిలేక కాదు. పెద్దదానికి ఎక్కడో దొరికింది ఆ సంగతి. 1897లో ఏమాస్ డాల్బేర్ అనే అమెరికన్ భౌతికశాస్త్రవేత్త, కీచురాయి ఎంత వేగంగా అరుస్తోందో లెక్కపెట్టి ఉష్ణోగ్రత చెప్పవచ్చని ఒక సూత్రం రాశాడు. దాన్ని సులువు చేసి ఇప్పుడు ఇలా చెప్పుకుంటారు: 14 సెకన్లలో ఎన్ని అరుపులో లెక్కపెట్టి దానికి 40 కలిపితే ఫారన్‌హీట్‌లో వేడి ఎంతో తెలుస్తుంది. అరుపు అంటున్నాను గానీ అది రెక్కల రాపిడి, అదీ మగవాటి పనే. వాతావరణం వేడెక్కితే వాటి కండరాలు చురుకవుతాయి, చప్పుళ్ళు దగ్గరపడతాయి. చల్లబడితే నెమ్మదిస్తాయి. చెట్ల మీద ఉండే ఒక జాతి కీచురాయి విషయంలోనే ఈ లెక్క బాగా కుదురుతుందట. మా పొద దగ్గర ఉన్నది ఏ జాతో దానికే తెలియాలి.

వెళ్ళి చూస్తే లెక్క కన్నా దాన్ని వినడమే కష్టమని తేలింది. అడుగు కదిపితే చాలు, నోరు మూసేసుకుంటుంది. టార్చి ఆర్పి, ఊపిరి బిగబట్టి నిలబడాలి. మా చిన్నవాడు అంతసేపు కదలకుండా నిలబడటం ఆయనా నేనూ పెళ్ళిళ్ళలో ఫొటోలు తీసేటప్పుడు కూడా చూడలేదు. కాసేపటికి ఆకుల కింద నుంచి ఒకటి అందుకుంది. దానికి పోటీగా గోడవైపు నుంచి ఇంకొకటి. పెద్దది ఒకదాన్నే లెక్కపెట్టింది, వాడు రెండింటినీ కలిపేశాడు. వాడి లెక్క ప్రకారం నిన్న రాత్రి మేమందరం ఉడికిపోయి ఉండాలి. ఇంటికి వచ్చి కిటికీ పక్క థర్మామీటరు చూస్తే పెద్దదాని లెక్కకు దగ్గరగానే ఉంది. థర్మామీటరు పాడైపోయిందని వాడు ఇప్పటికీ వాదిస్తున్నాడు.

అక్కయ్యకు ఇదంతా ఎలా చెప్పను? "కీచురాళ్ళ దగ్గరికి" అని వాడు నాలుగు ముక్కల్లో తేల్చేస్తే, విన్నవాళ్ళకు జాలి వేయక ఏమవుతుంది?

పైగా వాళ్ళతో కలిసి వెళ్ళిన విహారం సంగతి నాకు బాగా గుర్తుంది. పేరెందుకు గానీ, రంగుల రాట్నాలూ నీటి జారుడుబల్లలూ ఉన్న చోటు. గేటు దగ్గర చేతికి కాగితపు పట్టీ అంటించారు, అది ఉంటే రోజంతా ఎన్నిసార్లయినా ఏదయినా ఎక్కవచ్చు. ఆ పట్టీ పడిన క్షణం నుంచి అందరికీ ఒకటే ధ్యాస, పెట్టిన డబ్బు రాబట్టుకోవాలి. ఎండలో వరుస, వరుస చివర ఇంకో వరుస. అయిదు నిమిషాలు తిరగడానికి ముప్పావు గంట నిలబడటం. మధ్యాహ్నానికే పిల్లలు వడలిపోయారు. ఇక చాలు, ఇంటికి పోదామని అనే ధైర్యం పెద్దవాళ్ళలో ఒక్కరికీ లేదు, టికెట్టు అలాంటిది. చీకటి పడుతుండగా, నా భుజం మీద నిద్రపోతున్న చిన్నవాణ్ణి లేపి మరీ "ఇది ఒక్కటే మిగిలిందిరా" అని ఎక్కించారు. వాడు ఏడుస్తూ ఎక్కి ఏడుస్తూ దిగాడు. ఆ ఫొటో అక్కయ్య వాళ్ళ హాల్లో ఉంది. అందులో వాడు నవ్వుతున్నట్టే కనిపిస్తాడు.

టికెట్టు లేని చోట ఈ బెడద లేదు. మ్యూజియానికి వెళ్ళేటప్పుడు మా చిన్నవాడి షరతు ఒకటే: ఒక్క గది చూసి బయటికి వచ్చేయాలి. మే 18న అంతర్జాతీయ మ్యూజియం దినం, 1977 నుంచి జరుపుతున్నారు, చాలా మ్యూజియాలు ఆ రోజు ఉచితంగా లోపలికి రానిస్తాయి. ఆ రోజు మేము చూసింది నాణేల గది మాత్రమే. అరిగిపోయి ఎవరి బొమ్మో తెలియని ఒక రాగి నాణెం ముందు వాడు ఎంతసేపు నిలబడ్డాడో. మిగతా గదుల్లో ఏమున్నాయో నాకు తెలియదు, తెలియలేదన్న బాధా లేదు. డబ్బు పెట్టి ఉంటే అన్ని గదులూ తిప్పి తిప్పి, నాణెం దగ్గర వాణ్ణి రెక్క పట్టుకుని లాగేదాన్ని.

ఇక్కడి దాకా రాసి మంచినీళ్ళు తాగడానికి లేచాను. లేచి వచ్చి చదివితే ఏదో తేడాగా ఉంది. ఉచితం అంటే ఇంత ప్రశాంతంగా ఉంటుందా మా ఇంట్లో? మనుషులతో భూమి చుట్టూ తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం ఆకాశంలో పోతుంటే చూడటానికి వెళ్ళిన సాయంత్రం మాటేమిటి?

ఆయన ముందురోజే సమయం చూసి పెట్టారు. పొద్దు గూకిన కాసేపటికి పడమటి నుంచి వస్తుంది, నక్షత్రంలా మిణుకుమనదు, విమానంలా దీపాలు వెలిగి ఆరవు, నిలకడగా వెలుగుతూ పోతుంది. దానికి సొంత వెలుగు లేదు, మనకు చీకటి పడ్డాక కూడా అంత ఎత్తులో ఎండ తగులుతుంది కాబట్టి కనిపిస్తుంది. మంచిదే. మైదానంలో నిలబెట్టి పాఠం మొదలుపెట్టారు. దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తు. గంటకు సుమారు 28,000 కిలోమీటర్ల వేగం. గంటన్నరకు ఒకసారి భూమి చుట్టూ తిరగడం. 2000 నవంబరు నుంచి ఏ ఒక్కరోజూ మనుషులు లేకుండా లేకపోవడం. అది రానే వచ్చింది. నేను మెడ పైకెత్తి నోరు తెరుచుకుని చూస్తున్నాను. అంత చిన్న చుక్కలో మనుషులున్నారంటే ఒళ్ళు జలదరించింది. "వాళ్ళకు మనం కనిపిస్తామా?" అని చిన్నవాడు అడిగాడు. పాపం వాడు అడిగింది చేయి ఊపాలా వద్దా అని తేల్చుకోవడానికి. ఆయన దానికి కక్ష్య దగ్గర నుంచి అందుకున్నారు. పెద్దది, "నాన్నా, ఇది కూడా పరీక్షలో వస్తుందా?" అంది. ఆయన మొహం చిన్నబుచ్చుకున్నారు. దాన్ని సముదాయించాలా ఈయన్ను సముదాయించాలా అని నేను తల దించి మళ్ళీ ఎత్తేసరికి చుక్క భూమి నీడలోకి వెళ్ళిపోయింది. ఆకాశం నడిమధ్యలో ఉన్నట్టుండి మాయం. చిన్నవాడు చేయి ఊపనేలేదు.

డబ్బు పెట్టని చోట చదువైనా రాబట్టుకోవాలన్న యావ మాది. అక్కయ్య వాళ్ళను అనడానికి నాకు నోరెక్కడిది?

మా నాన్న ఒక్క ముక్క పాఠం చెప్పేవారు కాదు. సెలవుల్లో మధ్యాహ్నం భోజనాలు కాగానే నన్నూ తమ్ముణ్ణీ తీసుకుని, ఏ బస్సు ముందు వస్తే అది ఎక్కించేవారు. "ఆఖరి స్టాపుకు మూడు" అనేవారు కండక్టరుతో. ఎక్కడికో మాకూ తెలియదు, చాలాసార్లు ఆయనకూ తెలియదు. చక్రం మీద ఎత్తుగా ఉండే సీటు మాది, కిటికీ పక్క చోటుకు వంతులు. నాన్న ఏమీ చూపించేవారు కాదు, ఏమీ అడిగేవారు కాదు. ఊరు పలచబడేది, బస్సులో జనమూ పలచబడేవారు. చివరికి మేమే మిగిలేవాళ్ళం. ఇంజను ఆగాక చెవుల్లో ఇంకా హోరు. దిగాక చూడవలసింది ఏమీ ఉండేది కాదు: ఒక చెట్టు, ఒక అరుగు, సగం కట్టి వదిలేసిన గోడ. డ్రైవరు చెట్టు కింద తువ్వాలు పరిచి వాలేవాడు. కండక్టరు అరుగు మీద తోలుసంచి బోర్లించి చిల్లర దొంతరలుగా పేర్చేవాడు. ఒకసారి నేను అదే పనిగా చూస్తుంటే, "బోర్డు తిప్పుతావా పాపా?" అన్నాడు. ముందు అద్దం కింద వేలాడే రేకు అది. ఎండకు కాలిపోతోంది, అంచుల్లో రంగు పెచ్చులు లేచి అరచేతికి గుచ్చుకుంది, అనుకున్న దానికన్నా బరువు. రెండు కొక్కేల నుంచి తప్పించి తిప్పితే వెనకవైపు మా ఊరి పేరు ఉంది. ఎప్పుడూ అక్కడే ఉందన్నమాట! నేను తిప్పకపోతే బస్సు ఇంటికి వెళ్ళేది కాదని తమ్ముడికి ఎన్నేళ్ళు చెప్పానో. వాడు నమ్మాడు కూడా.

అమ్మ ఒక్కసారీ మాతో రాలేదు. ఎందుకు రాలేదో నేను పెద్దయ్యేదాకా తోచనే లేదు. మొన్నామధ్య మాటల్లో అడిగితే నవ్వింది. "మిమ్మల్ని తీసుకుని మీ నాన్న బయటపడితేనే కదే నాకు నిద్ర" అంది.

నాన్న మాకు లోకం చూపిస్తున్నారని ఇన్నేళ్ళుగా నా నమ్మకం. ఆయన అమ్మకు రెండు గంటలు ఇల్లు ఖాళీ చేసి ఇస్తున్నారు. అంతే కాదేమో, రెండూనేమో. ఈ వేళప్పుడు తేలదు.

అక్కయ్య విషయం కూడా ఇప్పుడు కొంచెం వేరుగా కనిపిస్తోంది. ఆ గేటు లోపల ఆవిడ ఎంత సేద తీరారో నేను పట్టించుకోలేదు. రోజంతా సంచి మోయలేదు, ఎవరికి ఎప్పుడు ఆకలేస్తుందో చూసుకోలేదు, ఆడించే పని యంత్రాలు చూసుకున్నాయి. వరుసలో నిలబడి కూడా ఆవిడ కాళ్ళు మార్చుకుంటూ నవ్వుతూనే ఉన్నారు. మా ఉచిత విహారానికి మాత్రం సీసాలు నింపేది, చద్దర్లు మడిచేది, దోమల మందు పూసేది, వచ్చాక బురద చెప్పులు కడిగేది ఎవరు? టికెట్టు డబ్బు మిగిలిందని లెక్క రాసుకునే పుస్తకంలో ఈ పద్దు ఎక్కడా లేదు. అయినా "డబ్బుకు ఇబ్బందిగా ఉందా" అని అడగవలసింది కాదు. ఆ మాటకు నా కోపం అలాగే ఉంది.

వచ్చే పున్నమికి చంద్రోదయం చూడాలని ఆయన అప్పుడే పథకం వేశారు. పున్నమి చంద్రుడు సూర్యుడు దిగే వేళకు అటూ ఇటూగా వస్తాడు, తరువాత రోజు నుంచి సగటున 50 నిమిషాల చొప్పున ఆలస్యం. అంచున ఉన్నప్పుడు పెద్దగా కనిపించడం కంటి మాయేనని తేల్చడానికి, చేయి చాచి చిటికెన వేలిగోరు అడ్డం పెట్టి చూడాలట. నడినెత్తికి వచ్చాక మళ్ళీ పెడితే గోరు అంతే మేర కప్పుతుందట. నడినెత్తికి వచ్చేదాకా అంటే అర్ధరాత్రి దాకా అన్నమాట. వెళ్ళనీ, చూడనీ. ముగ్గురూ వెళ్ళనీ. ఈసారి నేను ఇంట్లోనే ఉంటాను. ఈ సంగతి రేపు కాఫీ వేళకు ఆయనకు చెప్పాలి. నీళ్ళ సీసాలు ఎక్కడున్నాయని తప్పకుండా అడుగుతారు. నేను చెప్పను.