ఓల్డ్ సారం: మనుషుల్లేని కొండకి ఇద్దరు ఎంపీలు

ఇంగ్లండులో సాలిస్‌బరీ దిగినవాళ్ళు దాదాపు అందరూ స్టోన్‌హెంజ్ బస్సెక్కేస్తారు, నేను మాత్రం ముందు ఓల్డ్ సారం అనే పాడుబడ్డ పాత ఊరి కొండకే వెళ్ళాను, ఊరికి ఉత్తరంగా రెండు మైళ్ళే, నడిచే వెళ్ళిపోవచ్చు. చుట్టూ లోతైన కందకాలు, మధ్యలో కోట మొండి గోడలు, ఓ పక్క గడ్డిలో పాత కెథడ్రల్ పునాదులు, ఇంకేం లేదు. అలాంటి కొండ నుంచి 1832 దాకా పార్లమెంటుకి ఇద్దరు ఎంపీలు వెళ్ళేవాళ్ళు! అప్పుడు మాంచెస్టర్ అంత ఊరికి ఒక్క సీటు కూడా లేదు.

ఇక్కడ ఓటు మనిషిది కాదండీ, స్థలానిది. స్థలాలన్నీ ఒకే కుటుంబం గుప్పిట్లో ఉంటే వాళ్ళు చెప్పినవాడే ఎంపీ. 1831లో ఓటర్లు మొత్తం 11 మంది, ఒక్కళ్ళూ ఇక్కడ కాపురం ఉండేవాళ్ళు కాదు. ఆ గుప్పిట చాలాకాలం పిట్ కుటుంబానిది. 1735లో 26 ఏళ్ళ విలియం పిట్ ఈ సీటుతోనే పార్లమెంటులో అడుగుపెట్టాడు, ఫ్రాన్స్‌తో జరిగిన ఏడేళ్ళ యుద్ధంలో (1756-63) ఇంగ్లండుని నడిపించింది ఆయనే.

ఆయన తాత థామస్ పిట్ మన మద్రాసు గవర్నరు. ఈ కొండ మీది ఓటు స్థలాలున్న ఎస్టేటు కొన్నది ఇండియా వ్యాపారంలో వెనకేసిన డబ్బుతోనే, ఆ తర్వాత మద్రాసులో ఉండగా గోల్కొండ గనుల పెద్ద వజ్రం ఒకటి కొని 1717లో ఫ్రాన్స్ రాజప్రతినిధికి 1,35,000 పౌండ్లకి అమ్మాడు, ఇప్పుడది పారిస్ లూవ్ర్‌లో ఉంది. కొండ కింద స్ట్రాట్‌ఫర్డ్ చర్చి టవర్ మీద ఆయన పేరు, 1711 అనీ పెద్దక్షరాల్లో చెక్కి ఉంది, తలెత్తి అది చదువుతుంటే కృష్ణ ఒడ్డున గోతుల్లో దిగి రాళ్ళు ఏరిన మనవాళ్ళే కళ్ళముందు మెదిలారు, వాళ్ళ పేర్లు ఏ గోడ మీదా లేవు కదా అని నిజంగా కడుపు తరుక్కుపోయింది.

పొలంలో ఏ చెట్టు కింద ఎన్నిక జరిగేదని చెబుతారో ఆ చెట్టు ఇప్పుడు లేదు, ఒక రాయి పెట్టారు, దాని మీద విలియం పిట్ పేరుంది. నాకు ఆయనంటే గౌరవం ఎందుకంటే 1766లో అమెరికా పన్నుల మీద మాట్లాడుతూ ఇలాంటి సీట్లు మన రాజ్యాంగంలో కుళ్ళిన భాగం, వందేళ్ళు నిలవవు, రాలిపోకపోతే కోసెయ్యాల్సిందే అని సభలోనే అనేశాడు. తను ఎక్కి వచ్చిన నిచ్చెన గురించి అలా అనడానికి గుండె కావాలి. చివరికి 1832 ఎన్నికల సంస్కరణ చట్టం కోసేసింది, ఆయన పోయిన 54 ఏళ్ళకి.

స్టోన్‌హెంజ్ ప్లాన్‌లో ఉంటే దీనికీ ఒక పూట ఉంచుకోండి, చర్చి మాత్రం వదలొద్దు.