సూడాన్ ఉమ్మడి నిధి: డబ్బుతో పాటు రిస్కునూ పంచుకోవాలి

2023 ఏప్రిల్ 15న ఖార్టూమ్‌లో సూడాన్ సైన్యానికీ, ర్యాపిడ్ సపోర్ట్ ఫోర్సెస్ అనే సాయుధ దళానికీ మధ్య యుద్ధం మొదలైనప్పుడు, అక్కడ చిక్కుకున్న భారతీయులను ఆపరేషన్ కావేరి పేరుతో పోర్ట్ సూడాన్ నుంచి జెడ్డా మీదుగా స్వదేశానికి తీసుకొచ్చారు. వారిలో తెలుగువారూ ఉండటం వల్ల మన పత్రికలు ఆ కొద్ది రోజులు సూడాన్ గురించి బాగానే రాశాయి. ఆ తర్వాత ఆ దేశం మన వార్తల్లోంచి దాదాపుగా తప్పుకుంది. సుమారు ఐదు కోట్ల జనాభా ఉన్న ఆ దేశంలో ఈలోగా కోటీ ఇరవై లక్షల మందికి పైగా ఇళ్లు విడిచిపెట్టి వెళ్లారు. 2024 ఆగస్టులో, దేశ పశ్చిమాన ఉన్న ఉత్తర దార్ఫుర్‌లోని జమ్జమ్ శిబిరంలో క్షామం నెలకొన్నట్టు నిపుణుల సంఘం నిర్ధారించింది. 2025 అక్టోబరు చివర్లో, సుదీర్ఘమైన ముట్టడి తర్వాత, ఆ ప్రాంతంలోనే ఉన్న ఎల్ ఫాషర్ నగరం ర్యాపిడ్ సపోర్ట్ ఫోర్సెస్ వశమైంది. స్వచ్ఛంద సంస్థల లెక్కలు చూడటం నా వృత్తి కాబట్టి, సూడాన్‌కు వెళ్లే సాయం డబ్బు ఏ దారిలో వెళుతుంది, ఎక్కడ ఆగుతుంది అన్నది కొంతకాలంగా శ్రద్ధగా గమనిస్తున్నాను. అందులో ఉమ్మడి నిధి అనే ఏర్పాటు గురించి వివరంగా రాయాలని ఉంది.

సాధారణంగా ఒక దాత దేశం సాయం ఇచ్చేటప్పుడు ఏ సంస్థకు, ఏ ప్రాంతంలో, ఏ పని కోసం అన్నది ముందే ఒప్పందంలో రాసుకుంటుంది. ఒక దేశం పిల్లల టీకాలకు ఇస్తుంది, ఇంకొక దేశం బడులకు ఇస్తుంది. నలుగురి దృష్టీ పడిన శిబిరానికి అవసరానికి మించి నిధులు వస్తాయి. సరుకు మోసే లారీల అద్దెకు, మరుగుదొడ్ల తవ్వకానికి, గోదాము కాపలాకు ఎవరూ ఇవ్వరు. ఎక్కడ ఎంత లోటు ఉందో దేశంలో ఉన్నవాళ్లకు కనిపిస్తుంది గానీ, ఆ లోటు పూడ్చే అధికారం వాళ్ల చేతిలో ఉండదు. 2003లో మొదలైన దార్ఫుర్ సంక్షోభ సమయంలో ఈ లోపం బాగా బయటపడింది. 2004 చివర్లో, అప్పటి బ్రిటన్ అంతర్జాతీయాభివృద్ధి మంత్రి హిల్లరీ బెన్, దాతలు తమ డబ్బులో కొంత భాగాన్ని షరతులు లేకుండా ఒకేచోట పోసి, దాన్ని ఎక్కడ ఖర్చు చేయాలన్న నిర్ణయాన్ని ఆ దేశంలో ఉన్న ఐక్యరాజ్యసమితి మానవతా సమన్వయకర్తకు అప్పగించాలని ప్రతిపాదించారు. 2006లో ఈ పద్ధతి మొదట ప్రారంభమైన రెండు దేశాల్లో ఒకటి సూడాన్, రెండవది కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం. ఆనాటి ఉమ్మడి నిధే ఇప్పుడు సూడాన్ మానవతా నిధి అనే పేరుతో నడుస్తోంది. ప్రస్తుతం ప్రపంచంలో ఇటువంటి నిధులు ఇంచుమించు ఇరవై వరకు ఉన్నాయి. వీటన్నింటినీ నిర్వహించేది ఐక్యరాజ్యసమితి మానవతా వ్యవహారాల సమన్వయ కార్యాలయం, అంటే అందరూ ఓచా అని పిలిచే సంస్థ.

దీని నిర్వహణ ఎలా ఉంటుందంటే, సమన్వయకర్త అధ్యక్షతన ఒక సలహా మండలి ఉంటుంది. అందులో దాత దేశాల ప్రతినిధులతో పాటు ఐక్యరాజ్యసమితి సంస్థలు, అంతర్జాతీయ స్వచ్ఛంద సంస్థలు, స్థానిక స్వచ్ఛంద సంస్థలు కూడా కూర్చుంటాయి. ముందుగా ప్రణాళిక వేసుకుని చేసే కేటాయింపులు కొన్ని, హఠాత్తుగా వచ్చిన అవసరానికి నిల్వలోంచి తీసి ఇచ్చేవి కొన్ని. డబ్బు కోరే ప్రతి సంస్థ శక్తిసామర్థ్యాలను ముందే పరీక్షించి, రిస్కు ఎక్కువ, మధ్యస్థం, తక్కువ అని ఒక స్థాయి నిర్ణయిస్తారు. రిస్కు ఎక్కువ అనుకున్న సంస్థకు డబ్బు చిన్న చిన్న విడతల్లో వస్తుంది, నివేదికలు ఎక్కువ అడుగుతారు, తనిఖీలకు ఎక్కువసార్లు వస్తారు. ప్రాజెక్టు ప్రత్యక్ష ఖర్చుల మీద 7 శాతం దాకా నిర్వహణ ఖర్చుగా తీసుకోవచ్చు. చివర ఆడిట్ ఉంటుంది. వృత్తిరీత్యా నాకు ఈ చట్రంలో తప్పుపట్టవలసింది పెద్దగా కనబడదు. మన దగ్గర జిల్లా స్థాయిలో పనిచేసే చాలా సంస్థలకు ఇంత పద్ధతైన పర్యవేక్షణ దొరికితే బాగుండునని కూడా అనుకున్నాను.

యుద్ధంలో ఈ ఏర్పాటు విలువ ఏమిటో 2023 డిసెంబరులో స్పష్టంగా తెలిసింది. ఖార్టూమ్ నుంచి పారిపోయిన లక్షల మంది అప్పటికి దక్షిణాన గెజీరా రాష్ట్రంలో తలదాచుకుంటున్నారు. సాయం సంస్థలు కూడా ఆ రాష్ట్ర ముఖ్యపట్టణమైన వద్ మదనీలో గోదాములు పెట్టుకున్నాయి. ఆ పట్టణం ర్యాపిడ్ సపోర్ట్ ఫోర్సెస్ చేతికి చిక్కగానే, ఒకసారి నిరాశ్రయులైనవారు రెండోసారి రోడ్డున పడ్డారు. ఒక దాత గెజీరా అని పేరు రాసి ఇచ్చిన డబ్బును వేరే చోటికి మళ్లించాలంటే ఆ దాత రాజధానికి లేఖ రాసి, అనుమతి వచ్చేదాకా ఎదురుచూడాలి. ఉమ్మడి నిధి డబ్బుకు ఏ దేశం ముద్రా లేదు గనుక, దాన్ని జనం వెంట పంపే నిర్ణయం, యుద్ధం వల్ల సమన్వయకర్త మకాం మార్చిన పోర్ట్ సూడాన్‌లోనే తీసుకోవచ్చు. నేను ఈ పద్ధతిని సమర్థించడానికి మొదటి కారణం ఇదే.

అయితే ఆ డబ్బు చివరికి ఎవరి చేతుల మీదుగా అన్నంగా మారుతోందో చూడాలి. యుద్ధం మొదలైన తొలి వారాల్లోనే అంతర్జాతీయ సిబ్బందిలో చాలామంది ఖార్టూమ్ విడిచి వెళ్లారు. మిగిలింది ఆయా పేటల్లో పుట్టి పెరిగిన యువతీ యువకులు. 2018, 2019లో ఒమర్ అల్ బషీర్ పాలనకు వ్యతిరేకంగా వీధుల్లోకి వచ్చిన పేట కమిటీల అనుభవమూ, వరదలొచ్చినా పంట కోతలొచ్చినా అందరూ కలిసి చేయి వేసే నఫీర్ అనే పాత సంప్రదాయమూ వాళ్లకు అక్కరకొచ్చాయి. అత్యవసర స్పందన కేంద్రాలు అనే పేరుతో వాళ్లు సామూహిక వంటశాలలు నడిపారు, గాయపడినవారిని ఆసుపత్రులకు చేర్చారు, మంచినీళ్ల సరఫరా చూసుకున్నారు, కాల్పుల మధ్య చిక్కుకున్న కుటుంబాలను బయటకు తెచ్చారు. ఆ పనికి 2025లో నార్వే నుంచి రాఫ్టో బహుమతీ, స్వీడన్ నుంచి రైట్ లైవ్‌లీహుడ్ పురస్కారమూ లభించాయి. ఈ వాలంటీర్లను రెండు పక్షాలూ అనుమానించాయి, అరెస్టు చేశాయి. కొందరు ప్రాణాలు కోల్పోయారు.

వీళ్లకు ఉమ్మడి నిధి నుంచి నేరుగా డబ్బు ఇవ్వడం కష్టం. ఎక్కువ కేంద్రాలకు సంస్థగా రిజిస్ట్రేషన్ లేదు, సంస్థ పేరున బ్యాంకు ఖాతా లేదు, మూడేళ్ల ఆడిట్ పత్రాలు అసలే లేవు. సైన్యం అదుపులో ఉన్న ప్రాంతాల్లో సాయాన్ని నియంత్రించే ప్రభుత్వ మానవతా సహాయ కమిషన్ దగ్గర నమోదు చేసుకుంటే ఎదుటి పక్షం కంట్లో పడతారు; చేసుకోకపోతే ఇటువైపు అక్రమమంటారు. అందువల్ల డబ్బు ముందు ఒక అంతర్జాతీయ సంస్థకో, రిజిస్ట్రేషన్ ఉన్న సూడాన్ సంస్థకో వెళ్లి, అక్కడినుంచి సబ్‌గ్రాంటుగా ఈ కేంద్రాలకు చేరుతుంది. మన దేశంలో 2020లో సవరించిన విదేశీ విరాళాల చట్టం ఒక సంస్థ తనకు వచ్చిన విదేశీ నిధులను మరొక సంస్థకు బదిలీ చేయడాన్ని నిషేధించింది. ఆ తర్వాత తమ మీద ఆధారపడిన చిన్న సంస్థలకు ఏం చెప్పాలో తెలియక పెద్ద సంస్థలు పడిన అవస్థ ఈ రంగంలో ఉన్న తెలుగువారందరికీ తెలుసు. అటువంటి నియమం సూడాన్‌లో ఉంటే దార్ఫుర్‌లో ఎన్నో పొయ్యిలు వెలిగేవే కావు.

చివరి మెట్టు మీద లెక్క రాయడం అంటే ఏమిటో నా వృత్తిలోని మిత్రులు ఒకసారి ఊహించాలని నా కోరిక. ముట్టడిలో ఉన్న నగరంలో జొన్నలు అమ్మే వర్తకుడు పన్ను నంబరు ఉన్న బిల్లు ఇవ్వడు. మూడు కొటేషన్లు తీసుకోవడానికి ముగ్గురు వర్తకులు మిగిలి ఉండరు. చాలాచోట్ల నోట్ల రూపంలో డబ్బు దొరకదు కాబట్టి, బ్యాంక్ ఆఫ్ ఖార్టూమ్ వారి బంకక్ అనే ఫోన్ యాప్ ద్వారా వాలంటీరు సొంత ఖాతాకు డబ్బు వస్తుంది. దాన్ని నగదుగా మార్చుకోవడానికి మధ్యవర్తికి పెద్ద మొత్తంలో కమీషన్ ఇచ్చుకోవాలి. ఆ కమీషన్‌కు రసీదు ఉండదు, బడ్జెట్‌లో పద్దు కూడా ఉండదు. 2024 ఫిబ్రవరిలో దేశంలో చాలా భాగంలో ఫోన్, ఇంటర్నెట్ సేవలు నిలిచిపోయినప్పుడు ఆ దారీ మూసుకుపోయింది. అదే ఏడాది చివర్లో ప్రభుత్వం తన అదుపులో ఉన్న ప్రాంతాల్లో పాత 500, 1,000 పౌండ్ల నోట్లను మార్చి కొత్తవి తెచ్చింది. రెండో పక్షం ప్రాంతాల్లో పాత నోట్లే చలామణిలో ఉండిపోయాయి. ఇటువంటి స్థితిలో నలభై వోచర్ల ఫైలు అడగడం వల్ల నిజాయితీ పెరగదు. కొనుగోలు జరిగినప్పుడు తీసిన ఫోటో, వంటశాల దగ్గర తిన్న కుటుంబాల సంఖ్య, పేటలో ముగ్గురు పెద్దల సంతకం, వారం తర్వాత వేరే వ్యక్తి ఫోన్ చేసి అడిగి రాసుకున్న సమాధానాలు, ఇవన్నీ కలిపి చూస్తే ఒక ఆడిటరుకు తృప్తికరమైన సాక్ష్యం ఏర్పడుతుందని నేను వృత్తి మీద గౌరవంతోనే చెబుతున్నాను. ఇటువంటి తేలికపాటి పద్ధతులను కొన్ని సంస్థలు సూడాన్‌లో అనుసరిస్తున్నాయి కూడా. వాటిని మినహాయింపుగా కాక నియమంగా చేయాలి.

ఇక్కడే నాకు ఈ విషయంలో అన్నిటికంటే ముఖ్యమనిపించే మాట ఉంది. ఉమ్మడి నిధిలో దాతలు డబ్బును కలిపారు గానీ రిస్కును కలుపుకోలేదు. పది రూపాయలు దారి తప్పితే దాత ఓచాను అడుగుతాడు, ఓచా గ్రాంటు తీసుకున్న సంస్థను అడుగుతుంది, ఆ సంస్థ తన నష్టాన్ని భర్తీ చేసుకోవడానికి సబ్‌గ్రాంటు తీసుకున్నవాళ్లను అడుగుతుంది. చివరికి ఆ బరువంతా ప్రాణం అరచేతిలో పెట్టుకుని వంట చేసే ఇరవయ్యేళ్ల అమ్మాయి మీద పడుతుంది. దాతల భయం నిరాధారమని నేను అనను. 2023లో ఇథియోపియాలో పెద్ద ఎత్తున గోధుమలు దారిమళ్లాయని తేలింది. ఆ జూన్‌లో అమెరికా సాయం సంస్థ, ప్రపంచ ఆహార కార్యక్రమం దేశమంతటా ఆహార పంపిణీని నిలిపివేశాయి. యుద్ధంతో అప్పటికే చితికిపోయిన ఆ దేశంలోని టిగ్రాయ్ ప్రాంతంలో ఆ నెలల్లో జనం ఆకలితో చనిపోయారు. దొంగతనం చేసినవారికి ఒక పూట భోజనం కూడా తగ్గలేదు. దొంగతనాన్ని ఆపడానికి ఎంచుకున్న పద్ధతి ఎవరి మీద పడుతుందన్న ప్రశ్నను ఏ ఆడిట్ నివేదికలోనూ నేను చూడలేదు, దానికి ఒక పేరా అయినా కేటాయించాలని బలంగా నమ్ముతున్నాను.

2016లో ఇస్తాంబుల్‌లో జరిగిన ప్రపంచ మానవతా శిఖరాగ్ర సదస్సులో పెద్ద దాతలూ, సంస్థలూ 2020 నాటికి నాలుగోవంతు నిధులను వీలైనంత నేరుగా స్థానిక సంస్థలకు ఇస్తామని మాట ఇచ్చారు. ప్రపంచవ్యాప్తంగా నేరుగా వెళ్లినది ఆ గడువు నాటికి 5 శాతానికి కూడా చేరలేదు. ఈ విషయంలో దేశాల ఉమ్మడి నిధుల పనితీరు మిగతా మార్గాల కంటే ఎంతో మెరుగు. ఇటీవలి సంవత్సరాల్లో అవి స్థానిక సంస్థలకు నాలుగోవంతుకు పైగా ఇస్తున్నాయి. కానీ స్థానిక సంస్థకు వెళ్లడం వేరు, రిజిస్ట్రేషన్ లేని పేట బృందానికి వెళ్లడం వేరు. ఆ 7 శాతం నిర్వహణ ఖర్చులో కూడా కింది బృందానికి వాటా దక్కుతుందన్న భరోసా లేదు. ఫోన్ ఛార్జీలు, రవాణా, గాయపడిన వాలంటీరు వైద్యం, చనిపోయిన వాలంటీరు కుటుంబానికి ఆసరా ఏ పద్దు కింద రాయాలో చెప్పేవాళ్లు లేరు.

2025 జనవరిలో అమెరికా తన విదేశీ సాయాన్ని హఠాత్తుగా నిలిపివేసినప్పుడు సూడాన్‌లో వందల కొద్దీ వంటశాలలు కొద్ది వారాల్లోనే మూతపడ్డాయి. ఒకే దాత మీద అంతగా ఆధారపడితే ఏమవుతుందో అందరికీ అర్థమైంది. ఆ ఏడాది సూడాన్ కోసం అడిగిన 420 కోట్ల డాలర్లలో సగం కూడా రాలేదు. ఏడాది చివర, డిసెంబరు ఆఖరి వారంలో, అదే అమెరికా ఓచా నడిపే ఉమ్మడి నిధుల మార్గంలో 17 దేశాలకు 200 కోట్ల డాలర్లు ఇస్తామని ప్రకటించింది. ఆ జాబితాలో సూడాన్ ఉంది. అఫ్గానిస్తాన్, యెమెన్ లేవు. ఉమ్మడి నిధి పద్ధతికి ఇంతటి ఆదరణ దొరకడం నాకు సంతోషమే. అయితే ఏ దేశానికి ఇవ్వాలో, ఏ దేశానికి కూడదో దాతే ముందుగా గీత గీసి ఇస్తే, 2006లో ఈ పద్ధతి పుట్టడానికి కారణమైన రోగం మళ్లీ లోపలికి వచ్చినట్టేనని నా అభిప్రాయం. ఒకే దాత వాటా నిధిలో మరీ పెద్దదైతే, సలహా మండలిలో ఆ ఒక్క కుర్చీ మాటే చెల్లే ప్రమాదమూ ఉంది.

కాబట్టి రాబోయే కేటాయింపుల పత్రాలు వచ్చినప్పుడు నేను మొత్తం ఎంత అన్న అంకెను కాక, మూడు విషయాలు వెతుకుతాను. సబ్‌గ్రాంటు ఒప్పందంలో యుద్ధం వల్ల జరిగిన నష్టాన్ని, అంటే దోపిడీకి గురైన గోదామునో, కాలిపోయిన రసీదులనో, నిధే భరిస్తుందని రాశారా అన్నది మొదటిది. నిర్వహణ ఖర్చులో కింది బృందానికి ఎంత శాతం అన్నది స్పష్టంగా పేర్కొన్నారా అన్నది రెండవది. నగదు మార్పిడి కమీషన్‌కు బడ్జెట్‌లో ఒక పద్దు పెట్టారా అన్నది మూడవది. ఈ మూడవది చాలా చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ ఆ పద్దు లేనప్పుడు, కమీషన్ చెల్లించిన వాలంటీరు ఆ మొత్తాన్ని జొన్నల ధరలో కలిపి రాయవలసి వస్తుంది. తర్వాత తనిఖీకి వచ్చినవారికి అది అవకతవకగా కనిపిస్తుంది, ఆ కేంద్రం రిస్కు స్థాయి పెరుగుతుంది, తర్వాతి విడత ఆలస్యమవుతుంది.