యూరిన్ ఇన్ఫెక్షన్ కాదు, హెర్పిస్

ముందు జ్వరం వచ్చింది. ఒళ్లు విరగదీసినట్టు నొప్పులు, తలభారం, నడుం కింద నుంచి పిరుదు మీదుగా తొడ దాకా ఉండుండి జివ్వుమని లాగడం. వైరల్ జ్వరాలు తిరుగుతున్న రోజులు కాబట్టి ఇంట్లో ఎవరం పెద్దగా పట్టించుకోలేదు. తర్వాత గజ్జల్లో రెండువైపులా బిళ్లలు కట్టాయి. ఆ వెనకే యూరిన్‌కి వెళ్తే మంట మొదలైంది.

ఆ మంట గురించి కాస్త వివరంగా చెప్పాలి. యూరిన్ ఇన్ఫెక్షన్ నాకు కొత్త కాదు. అందులో మంట లోపలెక్కడో ఉంటుంది, మాటిమాటికీ వెళ్లాలనిపిస్తుంది, తీరా వెళ్తే నాలుగు చుక్కలు. ఇది అలా లేదు. మూత్రం బయటికొచ్చి చర్మానికి తగిలిన చోటే మంట, తెగిన వేలి మీద నిమ్మరసం పడ్డట్టు. భయపడి నీళ్లు తాగడం తగ్గించాను. దాంతో మూత్రం చిక్కబడి బాధ ఇంకా ఎక్కువైంది.

మొదట వెళ్లిన క్లినిక్‌లో ఈ తేడా చెప్పాను. వినీ విననట్టు విని, కనీసం చూడకుండానే యాంటీబయాటిక్ రాశారు. ఆ మందు పనిచేసేది బ్యాక్టీరియా మీద, నాకున్నది హెర్పిస్ అనే వైరస్. ఇక తగ్గేదేముంది? "అక్కడ ఏమైనా పొక్కులు ఉన్నాయా?" అన్న ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

చేతి అద్దం పెట్టుకుని చూసుకుంటే విషయం అర్థమైంది. ఎర్రగా కందిన చర్మం మీద ఆవగింజంత నీటిపొక్కులు, ఒకదాన్ని ఒకటి ఆనుకుని గుత్తిగా ఉన్నాయి. కొన్ని అప్పటికే చితికి, లోతులేని పచ్చి పుండ్లయ్యాయి. బట్ట తగిలినా ప్రాణం పోయినంత పని.

రెండోసారి వెళ్లిన లేడీ డాక్టరు చూస్తూనే, "నొప్పిగా ఉందా అమ్మా, ఉత్త పుండేనా?" అని అడిగారు. సిఫిలిస్ అనే సుఖవ్యాధిలో వచ్చే పుండు సాధారణంగా నొప్పి పెట్టదట. హెర్పిస్ పుండు నొప్పితో నిలవనివ్వదు. అయినా చూపుతో తేల్చేయకుండా, చితకని పొక్కునొకదాన్ని సూదితో గిల్లి, దాని అడుగున దూది చుట్టిన పుల్లతో గట్టిగా రుద్ది, ఆ పుల్లను ట్యూబులో పెట్టి పీసీఆర్ పరీక్షకు పంపారు. రుద్దినప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ అది క్షణాల పని. "మంచి టైమ్‌కి వచ్చారు. చెక్కు కట్టాక వస్తే వైరస్ దొరకడం కష్టం. అప్పుడు నెగెటివ్ వచ్చినా హెర్పిస్ కాదని చెప్పలేం" అన్నారు. ఇలాంటివి కనిపిస్తే తగ్గేదాకా ఆగకుండా, పచ్చిగా ఉన్నప్పుడే చూపించుకోవాలని అందుకే అంటాను. సిగ్గుపడి ఒక వారం దాటేస్తే పరీక్షకు దొరికే వైరస్ ఉండకపోవచ్చు.

రిపోర్టు రాకముందే వాలసైక్లోవిర్ అనే, వైరస్ మీద పనిచేసే మాత్రలు మొదలుపెట్టించారు. మొదటిసారి వచ్చినప్పుడు ఏడు నుంచి పది రోజులు వాడాలి, ఎంత త్వరగా మొదలుపెడితే అంత ఉపయోగం. హెచ్‌ఐవీకి, సిఫిలిస్‌కి రక్తం తీసుకున్నారు. ఒకటి ఉంటే మిగతావీ చూడటం మామూలేనట. మూత్రానికి వెళ్లేటప్పుడు పైనుంచి గోరువెచ్చని నీళ్లు పోసుకుంటూ ఉండమన్న సలహా మాత్రం మాత్రల కంటే ముందు నన్ను కాపాడింది.

రిపోర్టు కోసం చూసిన రోజుల్లో మా ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. ఎవరినుంచి ఎవరికి అన్న ప్రశ్నను ఇద్దరం నోట్లోనే నొక్కి పెట్టుకున్నాం. వచ్చింది పాజిటివే. అయితే హెర్పిస్ వైరస్‌లో రెండు రకాలున్నాయి. నాకు వచ్చింది నేను భయపడ్డ, ఎక్కువగా లైంగిక సంబంధాల వల్ల అంటుకునే టైప్ 2 కాదు, టైప్ 1. డాక్టరు మా ఆయన వైపు తిరిగి, "మీకు జ్వరం వస్తే మూతి పేలుతుందా?" అని అడిగారు. పేలుతుంది. నాకు జ్వరం రావడానికి కొన్నాళ్ల ముందే పేలింది కూడా. పెదవి మీది ఆ పొక్కుల్లో ఉండేది ఇదే వైరస్, నోటి ద్వారా జననాంగాలకు అంటుకుంటుంది. సోకిన రెండు నుంచి పన్నెండు రోజుల్లో లక్షణాలు బయటపడతాయి. నా రక్తంలో యాంటీబాడీలు ఇంకా తయారు కాలేదు, కాబట్టి సోకింది ఈమధ్యనే అని కూడా తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 లెక్కల ప్రకారం యాభై ఏళ్ల లోపువాళ్లలో 64 శాతం మందికి టైప్ 1 ఉంది. చాలామందికి చిన్నప్పుడే వస్తుంది. ఆయనకూ అలాగే వచ్చి ఉండాలి.

టైప్ 2 వచ్చి ఉంటే మా కాపురం ఏమయ్యేదో అనుకుంటాను. నిజానికి అదీ ద్రోహానికి రుజువు కాదు. ఏళ్ల తరబడి ఏ గుర్తూ లేకుండా పడి ఉండి, ఎప్పుడో మొదటిసారి పొక్కులుగా బయటపడొచ్చు. మొదటి పొక్కు తేదీ చూసి సోకిన తేదీ చెప్పలేం.

మా ఆయన తనకూ రక్తపరీక్ష చేయించమన్నారు. డాక్టరు వద్దన్నారు. టైప్ 1 యాంటీబాడీలు కనిపిస్తే అవి మూతివో కిందివో ఆ పరీక్ష చెప్పదు. టైప్ 2 అంకె కొద్దిగా మాత్రమే ఎక్కువ వస్తే అది ఉత్తుత్తి పాజిటివ్ కావచ్చు, ఇంకో పద్ధతిలో ఖాయం చేసుకోవాలి. సోకిన కొత్తలో చేయిస్తే నెగెటివే వస్తుంది, యాంటీబాడీలు తేలడానికి పన్నెండు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. ఇక ఐజీఎం అనే ఇంకో రకం యాంటీబాడీల పరీక్షకు డబ్బు పెట్టడం శుద్ధ దండగ.

పుండ్లు చెక్కు కట్టి, రాలి, కొత్త చర్మం రావడానికి మూడు వారాలు పట్టింది. వైరస్ మాత్రం పోదు, వెన్ను అడుగున నరాల ముడుల్లో దాక్కుంటుంది. జననాంగాల దగ్గర టైప్ 1 తిరగబెట్టడం టైప్ 2 కంటే బాగా తక్కువ. నాకు ఒకసారి తిరగబెట్టింది. పిరుదు దగ్గర అదే జివ్వుమనడం, చిమచిమ. ఇంట్లో ఉంచుకున్న మాత్రలు వెంటనే వేసుకున్నాను. రెండు పొక్కులు పైకి లేచి, పుండు పడకుండానే ఎండిపోయాయి. జ్వరం లేదు, బిళ్లలూ లేవు.

ఇప్పుడు మా ఆయన మూతి చురుక్కుమన్న క్షణం నుంచి చెక్కు రాలి మానేదాకా ముద్దులు కూడా బంద్. పుండు లేనప్పుడు కూడా వైరస్ అప్పుడప్పుడు చర్మం మీదికి వస్తుంది. కండోమ్ ప్రమాదాన్ని తగ్గిస్తుందే కానీ పూర్తిగా ఆపదు.

పిల్లల కోసం చూస్తున్నాం. నెలలు నిండే సమయంలో తల్లికి కొత్తగా సోకితేనే బిడ్డకు పెద్ద ప్రమాదమట. ముందునుంచీ ఉన్నవాళ్లకు ఆ ముప్పు చాలా తక్కువ. 36వ వారం నుంచి మాత్రలు ఇస్తారు, నొప్పుల సమయానికి పుండ్లు కనిపిస్తే సిజేరియన్ చేస్తారు. ఈ సంగతి అప్పటిదాకా ఆగకుండా మొదటి చెకప్‌లోనే చెప్పమన్నారు. పీసీఆర్ రిపోర్టు ఫైల్లో పైనే పెట్టాను.