350 బుల్లెట్‌కు 500 బుల్లెట్ కార్బొరేటర్ పెట్టి ట్యూన్ చేసుకున్న, నా అనుభవం

మా బాపు బండి ఏపీ 36 నంబర్ బుల్లెట్ 350, పాత ఇంజన్, ప్లగ్గుకు మెరుపు ఇచ్చే పాత పద్ధతి పాయింట్ల మీద నడిచేది. మేడారం, లక్నవరం, కాళేశ్వరం అన్ని తిరిగిన బండి అది. మోకాలు నొప్పికి బాపు కిక్కు కొట్టుడు బంద్ చేసినంక నా చేతికొచ్చింది. పెట్రోల్‌ను గాలితోని కలిపి ఇంజన్‌కు పంపే కార్బొరేటర్ల, రేస్ తిప్పితే పైకి లేచే స్లైడ్ ఆడే కాడ అరిగి సందు పడ్డది, ఐడ్లింగ్ అస్సలు నిలబడేది కాదు, సుబేదారి సిగ్నల్ కాడ ఆగితే బండి సుత ఆగిపోయేది. దానికి సరైంది వెతుకుతుంటే తెలిసిన అన్న దగ్గర 500 బుల్లెట్‌ది మిక్‌కార్బ్ వీఎం 28 దొరికింది, లోపల అరుగు లేదు. మా దానిది వీఎం 24. ఈ నంబర్ కార్బొరేటర్ నోటి వెడల్పు, మిల్లీమీటర్లల.

నాలుగు మిల్లీమీటర్లే గదా ఏమైతది అనుకుంటం. కాని గాలి పోయే దారి వైశాల్యం చూడాలె, 24ని 24తోని గుణిస్తే 576, 28ని 28తోని గుణిస్తే 784, అంటే దారి మూడో వంతు కంటె ఎక్కువ పెరిగింది, గాలి గుంజే ఇంజన్ మాత్రం అదే 346 సీసీ. నా కథంతా ఈ లెక్కల్నే ఉన్నది, కాని మొదట్ల నాకు సమజ్ కాలె.

కార్బొరేటర్ నోరు, హెడ్డు నోరు కలవకపోతే హన్మకొండల లేత్ కాకా దగ్గరికి పోయి రెంటిని కలిపే అల్యూమినియం ముక్క తోడిపిచ్చుకున్న, లోపల అంచు మెట్టు లేకుంట నున్నగ రావాలె అని పక్కన నిలబడి చేపిచ్చిన. బిగించిన మెకానిక్ "500ది గదా, పెట్రోల్ మస్తు పోస్తది, మెయిన్ జెట్ తగ్గియ్యాలె" అని అందుల ఉన్న 110 తీసి నా పాత కార్బొరేటర్ల ఉన్న 90 ఏసిండు. జెట్ అంటే పెట్రోల్ వచ్చే సన్న బొక్క ఉన్న ముక్క, నంబర్ పెద్దదైతే బొక్క పెద్దది. నాకు సుత న్యాయమే అనిపిచ్చింది. కాని ఆ రోజు కాజీపేట బ్రిడ్జి ఎక్కుతుంటే రేస్ తిప్పంగనే బండి ఒక్కసారి గుండె ఆగినట్టు అయ్యింది, కార్బొరేటర్ల నుంచి టప్పున కొట్టింది, ఎనుక లారీ, నేను క్లచ్ పట్టుకొని పక్కకు గుంజుకున్న. ఇంటికొచ్చి ప్లగ్గు తీస్తే తెల్లగ సున్నం లెక్క ఉన్నది. పెట్రోల్ ఎక్కువైతే నల్లటి మసి ఉండాలె గదా, తెల్లగుంటే తక్కువైనట్టు.

రెండు రోజులు దాని మీదనే ఆలోచిస్తే అప్పుడు పట్టు దొరికింది. కార్బొరేటర్ పెట్రోల్‌ను పొయ్యదు, పోయే గాలే గుంజుకుంటది. సన్న సందుల గాలి జోరుగ పోతది, జోరుంటేనే గుంజుడు ఉంటది. అదే గాలి పెద్ద నోట్లకెళ్లి పోతే మెల్లగైతది, గుంజుడు తగ్గుతది, పెట్రోల్ తక్కువొస్తది. అంటే చిన్న ఇంజన్‌కు పెద్ద కార్బొరేటర్ పెడితే కష్టం వచ్చేది కొద్దిగ రేస్ ఇచ్చినప్పుడు, ఫుల్ రేస్‌ల కాదు. పైంగ ఇప్పుడు పంపుల దొరికేదాన్ల 20 శాతం ఇథనాల్ ఉంటది, ఇథనాల్ కాలెటందుకు పెట్రోల్ కంటె గాలి తక్కువ చాలు, కాబట్టి పాత జెట్ల మీద అది ఇంక పల్చగైతది, అంటే వచ్చే గాలికి పెట్రోల్ చాలదు.

ఇగ మొదటికెళ్లి షురూ చేసిన. కార్బొరేటర్ ముట్టకముందు పాయింట్ గ్యాప్ 0.38 మిల్లీమీటర్ల కాడికి తెచ్చిన, ఇంజన్ చల్లగ ఉన్నప్పుడు ట్యాపెట్లు, అంటే వాల్వుల సందు చూసిన, వాల్వులను తోసే పుష్‌రాడ్ వేళ్లతోని తిప్పితే తిరగాలె, పైకి కిందికి ఆడొద్దు. ఇవి సరిగ లేకుంటే జెట్లు మార్చి మార్చి అలిసిపోవుడే. గాలి ఎక్కడన్న లీకైతుందా అని ఐడ్లింగ్‌ల జాయింట్ చుట్టు సబ్బు నీళ్లు కొట్టిన, ఒక పక్క ఇంజన్ చప్పుడు మారింది, ప్యాకింగ్ కొత్తది ఏసినంక పోయింది.

తర్వాత హ్యాండిల్ గ్రిప్ మీద, దాని పక్క పైపు మీద తెల్ల టేప్ అంటిచ్చి పావు, సగం, ముప్పావు గీతలు గీసిన. ఇది అందరు చెయ్యాలె అని గట్టిగ చెప్త, ఎందుకంటే పావు లోపల పైలట్ జెట్ (ఐడ్లింగ్‌కు పెట్రోల్ ఇచ్చే చిన్న జెట్), ఎయిర్ స్క్రూ (దాన్ల కలిసే గాలిని సరిచేసే స్క్రూ), స్లైడ్ కింది కోతది పని, పావు నుంచి ముప్పావు దాక స్లైడ్‌కు వేలాడే సూది, నీడిల్‌ది, ఆ పైన మెయిన్ జెట్‌ది. బండి ఏ గీత కాడ ఆగుతుందో తెలిస్తే ఏది మార్చాల్నో అదే చెప్తది. నాది పావు గీత కాడ, ఇంక జర్ర పైన ఆగుతుండె. అంటే మెకానిక్ మార్చిన మెయిన్ జెట్‌కు ఆ తిప్పలకు సంబంధమే లేదు.

పైలట్ 25 తీసి 30 ఏసిన. ఎయిర్ స్క్రూ పూర్తిగ బిగించి ఒకటిన్నర చుట్టు విప్పిన, ఇంజన్ వేడెక్కినంక ఐడ్లింగ్ ఎక్కడ ఎక్కువ లేస్తదో అక్కడ ఆపిన, ఒకటీ పావు కాడ ఆగింది. రేస్ వదిలినప్పుడు సైలెన్సర్ల పటపట అనేది చాన తగ్గింది. మల్ల టాప్ మూత విప్పి నీడిల్ క్లిప్ ఒక గాడి కిందికి దించిన, క్లిప్ కిందికి పోతే నీడిల్ పైకి లేస్తది, పెట్రోల్ పెరుగుతది. ఒక్కటి మార్చుడు, ములుగు రోడ్డు మీద గూడెప్పాడ్ దాక పోయి వచ్చుడు, ప్లగ్గు చూసుడు, నోట్‌బుక్‌ల రాసుడు, ఆరు ఆదివారాలు పట్టింది. ఆఖరికి ఫుల్ రేస్ చూస్తే 90తోని బండి ఊపిరి అందనట్టు చేసింది, 100 ఏస్తే కొంచెం మంచిగైంది, 110 ఏస్తే సరిగ్గ కుదిరింది. అంటే తిరిగి తిరిగి అందుల మొదట్ల ఉన్న జెట్టే నిలిచింది.

ఇప్పుడు ప్లగ్గు బిస్కెట్ రంగుల వస్తుంది, బ్రిడ్జి మూడో గేర్ల ఎక్కుతుంది. మే నెల ఎండలకు గాలి పల్చబడి, పెట్రోల్ ఎక్కువై ఐడ్లింగ్ బరువైతే ఎయిర్ స్క్రూ పావు చుట్టు విప్పిన, చలికాలంల మల్ల బిగిస్త. మొన్న బాపు గద్దె మీద కూసొని చప్పుడు ఇనుకుంట "మల్లొకసారి బంద్ చేసి చాలు చెయ్" అన్నడు, చేసిన, రెండో కిక్కుకు పట్టింది.