వెనక బ్రేక్ ప్యాడ్లు తినేసిందెవరు

బైక్ వెనక నుంచి కీచు కీచుమని సౌండ్ వస్తుంటే మొదట చైన్ అనుకున్నా, శుభ్రంగా కడిగి లూబ్ కొట్టా, పోలేదు. రెండ్రోజులు చూసి చివరికి నేలమీద కూర్చుని కాలిపర్‌లోకి (ప్యాడ్లని పట్టుకుని డిస్క్‌కి నొక్కే భాగం) టార్చ్ వేస్తే లోపలి ప్యాడ్ దాదాపు రేకు దాకా వచ్చేసింది. అది వేసి 6 వేల కిలోమీటర్లు అయిందేమో అంతే! అంతకుముందు సెట్ ఏకంగా 19 వేలు వచ్చింది, ముందు చక్రం ప్యాడ్లేమో ఇంకా సగం ఉన్నాయి.

ముందు చక్రం వాటికంటే వెనకవి త్వరగా అరిగితే ఏదో తేడా ఉన్నట్టే అని కాదులెండి. వెనక ప్యాడ్లు చిన్నవి, టైరు ఎగజిమ్మే బురదంతా వాటి మీదే పడుతుంది, కొంతమందికి కాలు బ్రేకే అలవాటు. కానీ అదే బండి, అదే రోడ్డు, అదే కాలు, మూడో వంతు కూడా రాలేదంటే ఏదో మారినట్టే కదా.

ఫ్రెండ్‌కి చెప్తే ఒక్క ముక్కలో తేల్చేశాడు, "పెడల్ మీద కాలు వేసుకుని తోలుతున్నావ్ రా నువ్వు" అని. నాకు ఒళ్ళు మండింది. సరే అయితే నా వెనకే రా, బ్రేక్ లైటు ఎన్నిసార్లు వెలుగుతుందో నువ్వే చూడు అన్నా. ఇరవై నిమిషాలు వెనకే వచ్చాడు, ఆగినప్పుడు తప్ప లైటు వెలగలేదు మామా అని ఒప్పుకున్నాడు. నేను గెలిచేశా అనుకున్నా. (ఈ లైటు సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తా.)

పాత ప్యాడ్లు విప్పగానే పారేసే అలవాటు ఉంటే మానుకోండి, సగం కథ వాటి మీదే రాసి ఉంటుంది. నావి పక్కపక్కన పెట్టి చూస్తే పిస్టన్ వైపుది 1 మిల్లీమీటరు కూడా లేదు, అవతలిది 2 పైనే ఉంది. నా బండిది ఒకే పిస్టన్ ఉన్న ఫ్లోటింగ్ కాలిపర్, అంటే పిస్టన్ లోపలి ప్యాడ్‌ని డిస్క్ మీదకి తోస్తే ఆ ఒత్తిడికి కాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద పక్కకి జారి బయటి ప్యాడ్‌ని లాక్కురావాలి. ఆ పిన్నులు పట్టేశాయంటే జారదు, భారమంతా లోపలి ప్యాడ్ మీదే పడుతుంది. అలా కాకుండా ప్యాడ్ ఒక చివర మందంగా ఇంకో చివర పల్చగా ఏటవాలుగా అరిగితే రెండిట్లో ఒక పిన్ను పట్టేసి కాలిపర్ వంకరగా కూర్చుంటోందేమో చూడాలి. నాది ఏటవాలు కాదు, ఎగుడుదిగుడు లేకుండా సమంగానే అరిగింది.

కాలిపర్ ఊడదీసి చేత్తో జరిపితే కదల్లేదు. గట్టిగా మెలితిప్పి లాగితే ఒక పిన్ను వచ్చింది, దాని మీద గ్రీజు కాస్తా ఎండి గోధుమరంగు బంకలా అయిపోయింది, రెండోదాని రబ్బరు బూటు (తొడుగు) చిరిగి నీళ్ళు పోయి తుప్పు చుక్కలు కూడా లేచాయి. దొరికాడ్రా దొంగ అనుకుని పిన్నులు తుడిచి, తుప్పు రుద్ది, కొత్త బూటు, సిలికాన్ గ్రీజు పల్చగా పెట్టా (మామూలు గ్రీజు పెడితే రబ్బరు ఉబ్బి ఇంకా బిగుసుకుంటుంది, ఆ పని మాత్రం చేయకండి). పిస్టన్‌ని కూడా కొంచెం బయటికి రప్పించి టూత్ బ్రష్‌తో కడిగితే చేత్తోనే హాయిగా లోపలికి వెళ్ళిపోయింది. కొత్త ప్యాడ్లు వేసి, ఒత్తిడి వచ్చేదాకా పెడల్ కొట్టి, మెయిన్ స్టాండ్ మీద చక్రం తిప్పితే గిర్రున తిరిగింది.

అక్కడితో అయిపోయేదే, కానీ ఒక లెక్క తేలక మెదడు తొలుస్తూనే ఉంది. పిన్ను పట్టేస్తే లోపలి ప్యాడ్ త్వరగా పోవడం సరే, మరి బయటిది 6 వేలకే 2 మిల్లీమీటర్లకి ఎందుకొచ్చింది? కొత్తప్పుడు నాలుగున్నర దాకా ఉంటుంది, పని దొరక్క ఖాళీగా కూర్చున్న ప్యాడ్ అంత అరగకూడదు కదా.

వారం తర్వాత అరగంట ఏకబిగిన తోలి ఆపి రెండు డిస్కుల మీదా నాలుగు చుక్కల నీళ్ళు చల్లా. ముందుది తడిసి ఊరుకుంది, వెనకది చుయ్యిమని ఆవిరి కొట్టింది. చక్రం తిప్పితే రుద్దుకుంటూ చుట్టు కూడా పూర్తిగా తిరగట్లేదు, పెడల్ రాయిలా ఉంది, తొక్కీ తొక్కకముందే పట్టేస్తోంది. అరగంట ఆగి చూస్తే మళ్ళీ గిర్రుమంటోంది! అంటే ఇన్నాళ్ళూ నేను చల్లారిన బండికి పరీక్షలు పెట్టి పాస్ చేస్తున్నానన్నమాట. జ్వరం తగ్గాక థర్మామీటర్ పెట్టినట్టు.

మర్నాడు మళ్ళీ వేడెక్కించి తెచ్చి, చక్రం పట్టేసి ఉన్నప్పుడే బ్లీడ్ నిపుల్ (కాలిపర్ నుంచి బ్రేక్ ఆయిల్ బయటికి వదిలేది) మీద 8 నంబర్ పానా పెట్టి పావు చుట్టు వదులు చేశా, ట్యూబులోకి ఆయిల్ చిమ్మింది, చక్రం ఒక్కసారిగా ఫ్రీ అయిపోయింది. ఇదొక్కటి చాలు సగం అనుమానాలు కొట్టేయడానికి. నిపుల్ తెరిచినా చక్రం పట్టేసే ఉంటే తప్పు పిస్టన్‌దో పిన్నులదో, తెరవగానే వదిలితే ఆయిల్ ఒత్తిడి ఎక్కడో వెనక్కి పోలేక ఇరుక్కుందని. ఆ ఎక్కడో అన్నది లోపల పాడైన హోస్ (ఆయిల్ పైపు) అయినా కావచ్చు, పెడల్ తొక్కితే ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్ అయినా కావచ్చు.

పెడల్ దగ్గర వంగి చూస్తుంటే స్టాప్ బోల్ట్ (వదిలాక పెడల్ ఎంత ఎత్తులో ఆగాలో పట్టి ఉంచేది) లాక్ నట్ మీద కొత్తగా మెరుస్తున్న పానా గీతలు కనిపించాయి. ఎవరు తిప్పారబ్బా అనుకుని రెండు సెకన్లు ఆలోచించా. నేనే. ఆ అరిగిపోయిన ప్యాడ్లు వేసిన కొత్తల్లోనే చీలమండ దగ్గర గట్టిగా ఉండే రైడింగ్ బూట్లు కొన్నా, పాదం ఎత్తడం ఇబ్బందిగా ఉందని స్టాప్ బోల్ట్ తిప్పి పెడల్ ఒక అర సెంటీమీటరు కిందకి దించా. పెడల్‌ని మాస్టర్ సిలిండర్‌కి కలిపే పుష్ రాడ్ పొడవు మాత్రం ముట్టుకోలేదు. పెడల్ దిగిందంటే రాడ్ కూడా అంత లోపలికి పోయినట్టే అన్న సంగతి బుర్రకే తట్టలేదు.

మాస్టర్ సిలిండర్‌లో ఆయిల్ డబ్బాలోకి సూదిమొనంత రంధ్రం ఒకటి ఉంటుంది, పెడల్ వదిలాక లోపలి పిస్టన్ పూర్తిగా వెనక్కొస్తేనే అది తెరుచుకుంటుంది. ఆయిల్ వేడెక్కి వ్యాకోచిస్తే మిగులంతా పైకి పోయే దారి అదొక్కటే. రాడ్‌కి ఉండాల్సిన 1 మిల్లీమీటరు ఫ్రీ ప్లే (ఖాళీగా ఆడే చోటు) నేను తినేశాను కాబట్టి రంధ్రం మూసుకునే ఉండిపోయింది, వేడెక్కిన ఆయిల్ పైకి పోలేక ప్యాడ్లని తోస్తోంది, దాంతో రుద్దుకుని ఇంకా వేడి, ఇంకా ఒత్తిడి, నేను పెడల్ ముట్టుకోకపోయినా బండి తనంతట తానే బ్రేక్ వేసుకుంటోంది. చల్లారితే ఏమీ ఎరగనట్టు వదిలేస్తుంది.

ఇప్పుడు లైటు సంగతి. ఆ రోజు పెడల్ దించగానే బ్రేక్ లైటు ఆరకుండా వెలుగుతూనే ఉంది. పెడల్ నొక్కినట్టే ఉంది నాయనా అని బండి నోరు తెరిచి చెప్తుంటే నేనేం చేశానంటే స్విచ్ నట్ తిప్పి లైటు ఆర్పేశా. దాని నోరు నొక్కేసి, తర్వాత అదే లైటుని సాక్ష్యానికి పిలిచి ఫ్రెండ్ మీద గెలిచా.

ఆరోజే మళ్ళీ చక్రం బిగుసుకునేదాకా తోలి తెచ్చి ఈసారి నిపుల్ ముట్టుకోకుండా స్టాప్ బోల్ట్ మాత్రం వెనక్కి తిప్పా, పెడల్ పైకి లేవగానే చక్రం వదిలేసింది. హోస్ బాగానే ఉందని కూడా దాంతోనే తేలిపోయింది. తర్వాత తీరిగ్గా పుష్ రాడ్ లాక్ నట్ వదులు చేసి, పెడల్ ఎత్తు నాకు కావలసినట్టే ఉంచి, రాడ్‌ని వేళ్ళతో పట్టుకుంటే కొంచెం అటూఇటూ ఆడేంత పొడవు తగ్గించి బిగించా, లైటు స్విచ్ కూడా పెడల్ కొంచెం కదలగానే వెలిగేట్టు మళ్ళీ సెట్ చేశా. కాగిపోయిన ఆయిల్ మీద నమ్మకం లేక మొత్తం తీసేసి కొత్త డాట్ 4 బ్రేక్ ఆయిల్ పోశా. డిస్క్ మందం మాత్రం కొలిచి చూసుకున్నా, దాని మీద చెక్కి ఉన్న కనీస మందం కంటే పైనే ఉంది, బతికిపోయా.

ఇది జరిగి 5 వేల కిలోమీటర్లు దాటింది, నిన్న టార్చ్ వేసి చూస్తే రెండు ప్యాడ్లూ సమానంగా, ఇంచుమించు కొత్తవాటిలా ఉన్నాయి. ఫ్రెండ్ అడిగాడు ఇంతకీ ఏమైంది రా అని. పిన్నులు పట్టేశాయి మామా అని చెప్పి తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నా.